పై పోర్షన్‌లో హోమ్ థియేటర్: కింద ఓనర్ వాళ్లు, పక్కన ఉమ్మడి గోడ. ఏ సబ్‌వూఫర్ తీసుకోవాలి?

కడప నుంచి (ప్రశ్న):
అందరికీ నమస్కారం. కడప ఎర్రముక్కపల్లిలో పై పోర్షన్‌లో అద్దెకుంటున్నాం. హాలు 14 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, స్లాబు ఎత్తు 10. నేలంతా బండలు. రిసీవర్, అయిదు స్పీకర్లు ఇప్పటికే తీసుకున్నాను. సబ్‌వూఫర్ ఒక్కటే మిగిలింది.

సమస్య ఏమిటంటే, హాలు కిందే ఓనర్ వాళ్ల అవ్వ పడుకునే గది. ఎనభై దాటిన మనిషి. ఎడమ పక్క గోడ పక్కింటివాళ్లతో ఉమ్మడి. మా పాప పడుకున్నాకే మేం సినిమా పెట్టుకుంటాం, అంటే రాత్రి తొమ్మిదిన్నర తర్వాతే. అవ్వ నిద్ర చెడగొట్టి సినిమా చూడాలని లేదు. అలాగని బాస్ లేకుండా చూడబుద్ధి కాదు.

ఊళ్లో ఒక షాపులో 15 అంగుళాల అసెంబుల్డ్ బాక్సు చూపించారు, 5000 వాట్ల పీఎంపీఓ అన్నారు. ఫ్రెండ్ ఏమో 8 అంగుళాలది చాలంటున్నాడు. సీల్డ్ (అన్ని వైపులా మూసిన బాక్సు), పోర్టెడ్ (గాలి పోయే గొట్టం ఉన్న బాక్సు) అంటే ఏది మేలు? గోడలకు ఫోమ్ కొడితే సౌండు బయటికి పోకుండా ఉంటుందా? తెలిసినవాళ్లు చెప్పండి.

కర్నూలు నుంచి:
ముందు రెండు మూడు సంగతులు చెప్పండి. ఉమ్మడి గోడ తొమ్మిది అంగుళాలదా, నాలుగున్నర అంగుళాలదా? టీవీ ఏ గోడకి ఉంది, సోఫా ఎక్కడ వేశారు? హాలుకూ వంటింటికీ మధ్య తలుపు ఉందా? ఇవి తెలియకుండా మోడల్ పేరు చెప్పడం మీ డబ్బుతో ఆటాడుకోవడమే అవుతుంది.

కడప నుంచి:
పాత కట్టుబడి అన్నా, తొమ్మిది అంగుళాల గోడే. టీవీ 12 అడుగుల గోడకి ఉంది. సోఫా ఎదురుగా వెనక గోడకి ఆనించి వేశాం. వంటింటికి తలుపు లేదు, ఆర్చి ఉంది. సబ్‌వూఫర్ టీవీ పక్కన, ఎడమ మూలలో పెడదామనుకుంటున్నా. వైరు అక్కడికే అందుతుంది.

అనంతపురం నుంచి:
తమ్ముడూ, వాట్లు, అంగుళాలు తర్వాత చూద్దాం. నీకు కావలసింది లోతుగా వెళ్లేది, గీసిన గీత దాటనిది. గట్టిగా మోగేది నీ ఇంటికి అక్కర్లేదు. ఎందుకో కొంచెం వివరంగా చెప్తాను, డబ్బు పెట్టేది నువ్వు కాబట్టి.

30 హెర్ట్జ్ తరంగం పొడవు దాదాపు 38 అడుగులు. నీ హాలే 14 అడుగులు. గోడ బరువు రెట్టింపైతే అది అడ్డుకునే శబ్దం సుమారు 5, 6 డెసిబెల్స్ పెరుగుతుంది. అందుకే తొమ్మిది అంగుళాల గోడ నీకు కలిసొచ్చింది. కానీ ఫ్రీక్వెన్సీ సగమైన ప్రతిసారీ ఆ గోడ అడ్డుకునే శక్తి కూడా దాదాపు అంతే తగ్గుతుంది. డైలాగులు ఆగిపోయే గోడలోంచి బాస్ దాటిపోయేది ఇందుకే.

మనకు అనుకూలమైన విషయం కూడా ఒకటుంది. మనిషి చెవికి లోతైన బాస్ అంత తొందరగా అందదు. 31.5 హెర్ట్జ్ శబ్దం 60 డెసిబెల్స్ దగ్గరికి వస్తేనే వినిపించడం మొదలవుతుంది. 63 హెర్ట్జ్‌కి 38 చాలు. అయితే ఆ హద్దు దాటాక కొంచెం పెంచినా చాలా పెరిగినట్టు వినిపిస్తుంది. దీన్ని తిరగేసి చూడు: అవ్వ గదిలో హద్దుకి కాస్త పైన ఉన్న బాస్‌ని నువ్వు ఇక్కడ 6 డెసిబెల్స్ తగ్గిస్తే, అక్కడ అసలు వినిపించకుండా పోవచ్చు. నీకు మాత్రం కాస్త తగ్గినట్టు ఉంటుంది, అంతే.

ఇప్పుడు ఆ 5000 వాట్ల సంగతి. పీఎంపీఓ అనే అంకెని పట్టించుకోవద్దు, దానికి ఒక కొలత అంటూ లేదు. అడగాల్సింది ఆర్ఎంఎస్ వాట్లు (ఆంప్లిఫయర్ ఆగకుండా ఇవ్వగల అసలు పవర్), ఇంకా ప్లస్ ఆర్ మైనస్ 3 డెసిబెల్స్‌తో ఎన్ని హెర్ట్జ్ దాకా దిగుతుందని. ఆ రెండూ చెప్పలేని బాక్సు సాధారణంగా 50 నుంచి 80 మధ్య దబదబలాడుతుంది. పక్కింటివాళ్లకి ఎక్కువ వినిపించేది ఆ భాగమే.

అలాగని 8 అంగుళాలది తీసుకుంటే అవ్వకి ఇబ్బంది ఉండదనుకోవద్దు. చిన్న డ్రైవర్‌ని 30 హెర్ట్జ్ దగ్గర తోస్తే అది ఆయాసపడుతుంది (డ్రైవర్ అంటే బాక్సులో కదిలే స్పీకర్). 30తో పాటు లేని 60నీ, 90నీ పుట్టిస్తుంది. వాటిని చెవి తొందరగా పట్టేస్తుంది. పెద్ద డ్రైవర్‌ని తక్కువ సౌండులో వాడితే ఈ రొద రాదు. అందుకే నా ఓటు 12 అంగుళాల సీల్డ్ బాక్సుకి.

సీల్డే ఎందుకంటే: సీల్డ్ బాక్సు బాస్ కిందికి పోయేకొద్దీ ఆక్టేవ్‌కి (అంటే ఫ్రీక్వెన్సీ సగమైన ప్రతిసారీ) 12 డెసిబెల్స్ చొప్పున మెల్లగా తగ్గుతుంది. పోర్టెడ్ బాక్సు తన గొట్టాన్ని ట్యూన్ చేసిన ఫ్రీక్వెన్సీ దాకా బలంగా ఉండి, ఆ తర్వాత 24 చొప్పున పడిపోతుంది. చిన్న గదిలో, అందులోనూ ఇటుక గోడలూ స్లాబూ ఉన్న గదిలో, 40 కిందికి వెళ్లేకొద్దీ గదే కొంత బాస్‌ని కలుపుతుంది. సీల్డ్ బాక్సు తగ్గుదలా, గది ఇచ్చే పెరుగుదలా చాలావరకు సరిపోతాయి. వంటింటి ఆర్చి వల్ల నీకు ఆ లాభం కొంత తగ్గుతుంది, ఒక బరువైన కర్టెన్ వేసినా అది తిరిగి రాదు. అయినా లెక్క సీల్డ్ వైపే మొగ్గుతుంది. ఉదాహరణకి ఎస్‌వీఎస్ వాళ్ల ఎస్‌బీ-1000 ప్రో, పీబీ-1000 ప్రో రెండూ 12 అంగుళాలవే, రెండింటికీ 325 వాట్ల ఆర్ఎంఎస్ ఆంప్లిఫయరే. మొదటిది సీల్డ్, చిన్న బాక్సు. రెండోది పోర్టెడ్, బాగా పెద్దది. నీ హాలుకి మొదటి తరహాది చాలు. వేరే కంపెనీది తీసుకున్నా పర్లేదు, ఫోన్‌లోంచి ఈక్వలైజర్ (ఒక్కో ఫ్రీక్వెన్సీని విడిగా పెంచే, తగ్గించే సెట్టింగు) మార్చుకునే వీలుందో లేదో మాత్రం చూసుకో. అదెందుకో ఇప్పుడు చెప్తాను.

14 అడుగుల పొడవున్న గదిలో 41 హెర్ట్జ్ దగ్గర శబ్దం గోడల మధ్య నిలబడి ఊగుతుంది. 12 అడుగుల వెడల్పుకి 48 దగ్గర, పదడుగుల ఎత్తుకి 57 దగ్గర. వీటినే రూమ్ మోడ్స్ అంటారు. నీ సోఫా వెనక గోడకి ఆనుకుని ఉంది కాబట్టి 41 నీకు చాలా ఉబ్బి వినిపిస్తుంది. కింద గదిలోకి దిగే "గుమ్..." అనే ఒకే స్వరం కూడా ఎక్కువసార్లు ఇలాంటి మోడ్‌దే. ఈక్వలైజర్‌లో ఆ ఉబ్బుని ఒక్కదాన్నే 6, 8 డెసిబెల్స్ కోసెయ్. సినిమా ఏమీ పోదు, కిందికి దిగేది మాత్రం బాగా తగ్గుతుంది. ఆర్ఈడబ్ల్యూ అని కంప్యూటర్‌కి ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, యూఎస్‌బీ కొలత మైకు దొరికితే ఆ ఉబ్బు ఎక్కడుందో తెర మీద కొండలా కనిపిస్తుంది. ఫోన్ మైకుని ఇంత లోతైన బాస్‌కి నమ్మొద్దు.

ఇక చోటు. టీవీ పక్క ఎడమ మూల వద్దే వద్దు. అది ఉమ్మడి గోడ, పైగా మూల. మూలలో పెడితే అన్ని మోడ్‌లూ ఒకేసారి రెచ్చిపోతాయి. సోఫాని రెండు మూడడుగులు ముందుకి జరుపు, ఆ వెనక సందులో, కుడి వైపు, సబ్‌వూఫర్‌ని పెట్టు. అడుగున్నర జాగా చాలు. చెవికి దగ్గరగా ఉంటే నాబ్ ఎంతో తగ్గించినా నీకు సరిపడా బాస్ అందుతుంది. నాబ్ తగ్గినంత మేరా గోడలకూ తక్కువే చేరుతుంది. వైరు అందదంటున్నావు, సబ్‌వూఫర్ కేబుల్ పది మీటర్లది కూడా దొరుకుతుంది, గోడ అంచున పట్టీలో నడిపించు. వైరు పొడవు చూసి సబ్‌వూఫర్ చోటు నిర్ణయించకూడదు.

ప్రొద్దుటూరు నుంచి:
మా బావమరిది కోడిగుడ్ల అట్టలు, థర్మాకోల్ గోడలకు అంటించాడు. తేడా ఉందంటున్నాడు. ఫోమ్ సంగతి కూడా అడిగారు కదా, ఎవరూ చెప్పలేదే?

అనంతపురం నుంచి:
తేడా ఉంటుందన్నా, గదిలో మాటల ప్రతిధ్వని తగ్గుతుంది. బాస్‌కి మాత్రం పనికిరాదు. 41 హెర్ట్జ్‌ని ఫోమ్ గట్టిగా పీల్చాలంటే దాని మందం తరంగంలో నాలుగో వంతు దాకా ఉండాలి, అంటే ఏడడుగులు. రెండంగుళాల ఫోమ్‌కి ఆ సంగతే తెలియదు. గదిలోంచి బయటికి పోకుండా ఆపడం ఇంకా వేరే పని, దానికి బరువు కావాలి, గాలి సందులు మూయాలి. కిటికీ తెరిచి ఉంటే తొమ్మిది అంగుళాల గోడ ఉన్నా లాభం లేదు.

ఎండాకాలం ఇంకొకటి మర్చిపోవద్దు. మన వైపు చాలామంది మిద్దె మీద పడుకుంటారు. మనం కిటికీలు తీసి సినిమా పెడితే వాళ్లకీ మన బాస్‌కీ మధ్య గోడే ఉండదు. ఆ నెలల్లో కిటికీలు మూసి, కూలరో ఏసీనో వేసుకుని చూడటం మంచిది.

యూట్యూబ్‌లో చూసే సలహాల్లో చాలావరకు అమెరికా చెక్క ఇళ్లకి చెప్పినవి. వాళ్ల పల్చటి గోడలు బాస్‌ని బయటికి వదిలేస్తాయి, కొంత పీల్చుకుంటాయి. మన ఇటుక, స్లాబు దాన్ని గదిలోనే ఎక్కువ నిలబెడతాయి. కాబట్టి వాళ్లు "రెండు పెట్టు, పెద్దది పెట్టు" అంటే అలాగే చేయనక్కర్లేదు.

కడప నుంచి:
చాలా థాంక్స్ అన్నా, ఇంత ఓపిగ్గా ఎవరూ చెప్పలేదు. మళ్లీ రెండు డౌట్లు. కింద రబ్బరు ప్యాడ్ పెడితే అవ్వ గదికి పోకుండా ఉంటుందా? సెట్టింగులు రాత్రికి ఏవి పెట్టాలి?

అనంతపురం నుంచి:
ప్యాడ్ ఆపేది బాక్సు అదురు స్లాబులోకి దిగడాన్ని. గాల్లోంచి పోయే బాస్‌ని ఆపదు. అయినా పెట్టు, ఖర్చు తక్కువ. మీ ఊళ్లో కడప బండ ముక్కకి కొదవా? బాక్సుకి సరిపడా ఒక మందపాటి బండ కోయించి, కింద నాలుగు మూలలా మెత్తటి రబ్బరు పెట్టి, పైన సబ్‌వూఫర్ ఉంచు. బరువు, దాని కింద సాగే రబ్బరు, ఈ రెండూ కలిస్తేనే అదురు ఆగుతుంది.

సెట్టింగులు: రిసీవర్‌లో స్పీకర్లన్నీ స్మాల్, క్రాస్ఓవర్ 80, అంటే 80 హెర్ట్జ్ కింది బాస్ అంతా సబ్‌వూఫర్‌కే పోతుంది. సబ్‌వూఫర్ మీది క్రాస్ఓవర్ నాబ్ పూర్తిగా పైకి, లేదా ఎల్ఎఫ్ఈ (సినిమాలోని ప్రత్యేక బాస్ ట్రాక్) మీద. బాస్ మోడ్‌లో "ఎల్ఎఫ్ఈ ప్లస్ మెయిన్" పెట్టకు, ఒకే బాస్ రెండు చోట్ల నుంచి వచ్చి బురద అవుతుంది. ఆటో కాలిబ్రేషన్ (మైకు పెట్టి గదికి తగ్గట్టు రిసీవరే సర్దుకునేది) ఒకసారి చేయి. రాత్రికి సబ్‌వూఫర్ లెవెల్ 6 డెసిబెల్స్ తగ్గించు, నైట్ మోడ్ (పెద్ద శబ్దాల్ని అణిచేది) ఆన్ చేయి. నీది ఆడిసీ (గదికి తగ్గట్టు సౌండు దిద్దే సాఫ్ట్‌వేర్) ఉన్న రిసీవర్ అయితే డైనమిక్ ఈక్యూ చూసుకో, అది తక్కువ సౌండులో బాస్‌ని తనంతట తానే పెంచుతుంది. రాత్రికి దాన్ని ఆపేయ్, లేదా రిఫరెన్స్ ఆఫ్‌సెట్ 15 పెట్టు. కొన్ని డెనాన్, మరాంజ్ మోడళ్లలో ఎల్ఎఫ్‌సీ అని ఇంకో ఆప్షన్ ఉంటుంది. గోడలు దాటే లోతు బాస్‌ని తగ్గించడానికే దాన్ని చేశారు. ఉంటే తప్పక వాడు.

అన్నిటికన్నా ముఖ్యమైనది పరీక్ష. రాత్రి సమయంలో, ఓనర్‌ని అడిగి, అవ్వ గదిలో నువ్వే నిలబడు. ఫ్యాన్ ఆపించు. పైన మీ ఆవిడని బాస్ ఎక్కువున్న సీనొకటి మళ్లీ మళ్లీ పెట్టమను. ఫోన్‌లో చెబుతూ కొంచెం కొంచెం తగ్గించు, మంచం దగ్గర వినిపించని అంకె వచ్చేదాకా. తలగడ దగ్గర చెవి పెట్టి కూడా చూడు, గోడకి ఆనించిన మంచంలో బాస్ ఎక్కువ తెలుస్తుంది. ఆ అంకె రాసి రిసీవర్ పక్కన అంటించు. తర్వాత పక్కింట్లో కూడా ఇంతే. ముందే వెళ్లి అడిగితే మనుషులు ఎంతో సహకరిస్తారు. ఫిర్యాదు వచ్చాక వెళ్తే ఆ మర్యాద మిగలదు.

కర్నూలు నుంచి:
చట్టం సంగతి కూడా తెలుసుకుని ఉండండి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్. రాత్రి అంటే పది నుంచి ఉదయం ఆరు. ప్రైవేటు సౌండ్ సిస్టమ్ శబ్దం మన ఇంటి హద్దు దగ్గర దాని మీద 5 కంటే ఎక్కువ ఉండకూడదు. కానీ ఈ అంకెలు "ఎ" వెయిటింగ్‌తో కొలిచేవి. ఆ కొలతలో 31.5 హెర్ట్జ్ శబ్దానికి 39 తగ్గించి చూపిస్తారు. అంటే 80 డెసిబెల్స్ బాస్ మీటరులో 41గా కనిపిస్తుంది. మీటరు ఒప్పుకున్నా పక్కింటాయనకి నిద్ర పట్టకపోవచ్చు. అందుకే అవ్వ మంచం దగ్గర నిలబడి చూడమన్న సలహాకే నేనూ ఓటేస్తాను.

రాత్రిపూట ఇంకా "ఒళ్లు అదరాలి" అనిపిస్తే బాస్ షేకర్ అని చిన్న మోటారు లాంటిది దొరుకుతుంది, సోఫా చట్రానికి కింద బిగిస్తారు, వేరే చిన్న ఆంప్లిఫయర్ కావాలి. శబ్దం దాదాపు ఉండదు, సోఫా మాత్రం అదురుతుంది. సోఫా కాళ్ల కింద రబ్బరు తప్పనిసరి, లేకపోతే ఆ అదురంతా స్లాబులోకే.

కడప నుంచి:
12 అంగుళాల సీల్డ్ అని ఫిక్స్ అయిపోయానన్నా. ఓనర్‌తో మాట్లాడాను, ఆదివారం రాత్రి గదిలోకి వచ్చి చూసుకోమన్నారు. చివరిగా ఒకటి: ఫ్రెండ్ ఇంట్లో సబ్‌వూఫర్ ఏమీ పెట్టకపోయినా "మ్మ్" అని మోగుతూ ఉంటుంది. నాకు అలా రాకుండా ఏం చేయాలి?

అనంతపురం నుంచి:
అది కరెంటు 50 హెర్ట్జ్ హమ్. ఎక్కువసార్లు రెండు దారుల్లో ఎర్త్ కలవడం వల్ల వస్తుంది. రిసీవర్, సబ్‌వూఫర్, టీవీ, సెటాప్ బాక్సు అన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెట్టించు. అప్పటికీ ఉంటే కేబుల్ టీవీ వైరు పీకి చూడు, చాలా ఇళ్లలో దొంగ అదే. కేబుల్ తీస్తే ఆగిపోతే ఆ వైరుకి ఐసొలేటర్ (ఎర్త్ కలవకుండా విడదీసే చిన్న పరికరం) పెట్టించు. ఎవరైనా మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ను తీసేయమంటే వినొద్దు, హమ్ పోతుంది గానీ షాక్ కొట్టే ప్రమాదం వస్తుంది. మన వైపు నేల ఎండిపోయి ఎండాకాలంలో ఎర్త్ బలహీనపడుతుంది, ఇంటి ఎర్త్ గుంత ఎక్కడుందో ఓనర్‌ని అడిగి అప్పుడప్పుడు నీళ్లు పోయించు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఒకసారి ఎర్త్ టెస్టు చేయించడం కూడా మంచిది, పాత ఇల్లంటున్నావు కదా.