ఎజైల్ పీఎల్‌ఎం 9.3.6: "ఫైళ్లు చదవడమే కదా, ప్యాచ్‌కి ప్లాంట్ షట్‌డౌన్ దాకా ఆగొచ్చు" అంటున్నారు, నిజమేనా?

గాజువాక_అడ్మిన్:
దువ్వాడ దగ్గర ఒక యూనిట్‌లో ఒరాకిల్ ఎజైల్ 9.3.6 (డ్రాయింగులు, ఉత్పత్తి వివరాలు చూసుకునే పీఎల్‌ఎం సాఫ్ట్‌వేర్) నడుస్తోంది. విండోస్ సర్వర్ మీద వెబ్‌లాజిక్ (ఎజైల్‌ని నడిపే సర్వర్ సాఫ్ట్‌వేర్), ఫైల్ మేనేజర్ (ఫైళ్లు దాచి అందించే భాగం) రెండూ ఒకే మెషీన్‌లో ఉన్నాయి. ఆటోనగర్ సప్లయర్లు డ్రాయింగులు దించుకోవడానికి వెబ్‌లాజిక్‌కి ఎదుట అపాచీని ప్రాక్సీగా పెట్టి బయటికి తెరిచాం. సీవీఈ-2024-21287 అనే భద్రతా లోపానికి ప్యాచ్ ఇంకా పడలేదు. మెయింటెనెన్స్ వెండర్ ఏమంటాడంటే: "తీవ్రత స్కోరు పదికి 7.5 మాత్రమే. ఫైళ్లు చదవగలరు, రాయలేరు. మీకు ప్రాసెస్ ఎక్స్‌టెన్షన్లు (ఎజైల్‌కి జోడించే అదనపు ప్రోగ్రాములు) కూడా లేవు." ఆగొచ్చా అండీ?

మిడిల్‌వేర్_మూర్తి:
ఆగొద్దు. దీనికి లాగినే అక్కర్లేదు. 2024 నవంబర్ 18న ఒరాకిల్ అలర్ట్ ఇచ్చేనాటికే దాన్ని వాడి దాడులు జరుగుతున్నాయి. మూడు రోజుల్లో అమెరికా సైబర్ భద్రతా సంస్థ సీసా (CISA) దాన్ని, దాడుల్లో వాడుతున్న లోపాల జాబితాలో ఎక్కించింది. రాయడం, ఆపేయడం కుదరవు కాబట్టి స్కోరు 7.5 దగ్గర ఆగింది, అంతే. ఎక్స్‌టెన్షన్లు వాడనివాళ్లకు ముప్పు లేదని ఆ అలర్ట్‌లో ఎక్కడా లేదు.

ఇక ఏ ఫైళ్లు చదవొచ్చు అంటే, పీఎల్‌ఎం ఏ ఖాతా కింద నడుస్తోందో ఆ ఖాతాకి అందేవన్నీ. సర్వీసెస్‌లోకి వెళ్లి వెబ్‌లాజిక్ సర్వీసు "లాగాన్ యాజ్" చూడండి. లోకల్ సిస్టమ్ అని ఉంటే మెషీన్ మొత్తం తెరిచినట్టే. మీ ఫైల్ వాల్ట్ (ఫైల్ మేనేజర్ ఫైళ్లు దాచే చోటు) కూడా అక్కడే ఉంది, అంటే డ్రాయింగులన్నీ.

అసలు ప్రమాదం వెబ్‌లాజిక్ డొమైన్ ఫోల్డర్‌లో ఉంది. సెక్యూరిటీ ఫోల్డర్‌లోని సీరియలైజ్డ్‌సిస్టమ్ఇని.డాట్, సర్వర్ ఫోల్డర్‌లోని బూట్.ప్రాపర్టీస్, ఈ రెండూ చేతికొస్తే వెబ్‌లాజిక్ అడ్మిన్ పాస్‌వర్డ్ విప్పడం చిన్న స్క్రిప్టు పని. జేడీబీసీ (డేటాబేస్ కనెక్షన్) ఫైళ్లలోని డేటాబేస్ పాస్‌వర్డుకీ అదే తాళంచెవి. అడ్మిన్ కన్సోల్ బయటికి కనిపిస్తుంటే ఇక "చదవడమే కదా" అనే మాటే ఉండదు.

లాగ్_చూసేవాడు:
ప్యాచ్ వేసేముందు లాగులు పక్కన పెట్టండి. రొటేషన్‌లో పాతవి చెరిగిపోతాయి. యాక్సెస్.లాగ్ బఫర్ నిండితే గానీ డిస్కుకి రాయదు, కాబట్టి సర్వర్‌ని మామూలుగా ఆపి అప్పుడు కాపీ తీయండి. కిల్ చేస్తే చివరి లైన్లు పోతాయి.

వెబ్‌లాజిక్ లాగులో అన్ని లైన్లలోనూ అపాచీ ఐపీయే కనిపిస్తుంది. అసలు ఐపీ కావాలంటే అపాచీ లాగు చూడాలి. ఎప్పుడూ లాగిన్ పేజీకి రాని ఐపీకి 200 (విజయవంతం) కోడ్‌తో పెద్ద సైజు జవాబు వెళ్లిందా అన్నది వెతకండి. అలాంటిది దొరికితే కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కి 6 గంటల్లో చెప్పాలి. ఆ సంస్థ 2022 ఏప్రిల్ 28 ఆదేశాల ప్రకారం లాగులు 180 రోజులు దేశంలోనే ఉంచాలి కూడా.

మిడిల్‌వేర్_మూర్తి:
వరుస తప్పొద్దు: ముందు ప్యాచ్, తర్వాతే పాస్‌వర్డులు. తిరగేసి చేస్తే కొత్త పాస్‌వర్డులనీ అదే కన్నంలోంచి చదివేస్తారు.

ప్యాచ్ వేశాక సర్వర్ల కింద టెంప్, స్టేజ్ ఫోల్డర్లు ఖాళీ చేసి లేపండి. లేకపోతే పాత క్లాసులే లోడయ్యి, ప్యాచ్ పడిందనుకుని కూర్చుంటారు. రీడ్‌మీలో ఏ రోలప్ (ముందు వచ్చిన ప్యాచుల మూట) మీద వేయాలో రాసి ఉంటుంది, ముందు అది సరిపోల్చుకోండి.

డేటాబేస్ పాస్‌వర్డ్ మార్చేటప్పుడు ఎజైల్ ఆపి ఉంచండి. నడుస్తుంటే డేటాసోర్స్ (వెబ్‌లాజిక్‌లోని డేటాబేస్ కనెక్షన్) పాత పాస్‌వర్డుతో తడుతూనే ఉంటుంది. డీఫాల్ట్ ప్రొఫైల్‌లో 10 తప్పులకి ఖాతా లాక్, ఓఆర్ఏ-28000 ఎర్రర్ వస్తుంది. అప్పుడు ప్యాచ్ చెడిపోయిందని అందరూ కంగారుపడతారు.

గాజువాక_అడ్మిన్:
ధన్యవాదాలు. లోకల్ సిస్టమే ఉంది. ప్యాచ్‌కి ఆదివారం టైమిచ్చారు. అప్పటిదాకా ఐపీ వైట్‌లిస్ట్ పెడదామంటే సప్లయర్లలో సగం మంది మొబైల్ హాట్‌స్పాట్ మీదే వస్తారు, రోజుకో ఐపీ.

ప్రాక్సీ_పంతులు:
అయితే ఐపీ జోలికి పోకండి. అపాచీలో ఎస్‌ఎస్‌ఎల్‌వెరిఫైక్లయింట్ రిక్వైర్ పెట్టి, సప్లయర్‌కొక సర్టిఫికెట్ ఇవ్వండి. అది లేనివాడి రిక్వెస్టు వెబ్‌లాజిక్ దాకా వెళ్లదు. ఫైల్ మేనేజర్ పాత్ కూడా అదే వర్చువల్ హోస్ట్ కిందికి తేవాలి. లేదంటే పోర్టల్‌కి తాళం వేసి వాల్ట్ తలుపు తెరిచిపెట్టినట్టే. డ్రాయింగులు చూపించే ఆటోవ్యూ జావా క్లయింటు బ్రౌజర్‌లోని సర్టిఫికెట్ తీసుకోకపోవచ్చు, ముందు ఒక్క సప్లయర్‌తో చూడండి.

ఇంకొకటి. ఆఫీసు వైఫై వదిలి ఫోన్ డేటా మీద వెబ్‌లాజిక్ సొంత పోర్టు 7001 తట్టి చూడండి. ఎప్పుడో టెస్టింగ్‌కని ఫైర్‌వాల్‌లో తెరిచి మర్చిపోయిన రూలు చాలాచోట్ల ఉంటుంది. అది తెరిచి ఉంటే అపాచీలో చేసినదంతా వృథా.

లాగ్_చూసేవాడు:
ఆదివారం ఆ ఒక్క ప్యాచ్‌తో సరిపెట్టకండి. 2024 జనవరి ప్యాచుల్లో వచ్చిన సీవీఈ-2024-20953 వేశారో లేదో అడగండి. ఎక్స్‌పోర్ట్ భాగంలో డీసీరియలైజేషన్ (బయటి నుంచి వచ్చిన డేటాని నమ్మి విప్పేయడం) లోపం అది, స్కోరు 8.8. మామూలు యూజర్ లాగిన్ చాలు. మీ సప్లయర్లందరికీ ఆ లాగిన్ ఉంది, అందులో ఎన్ని పాస్‌వర్డులు కంపెనీ పేరు ప్లస్ 123 అయి ఉంటాయో మీకే తెలుసు. దీన్నీ 2025 ఫిబ్రవరిలో సీసా జాబితాలో చేర్చింది.

గాజువాక_అడ్మిన్:
7001 బయటికి తెరిచే ఉంది. ఇప్పుడే మూయించాను. ప్యాచ్ లిస్టులో జనవరిది కూడా లేదు, వెండర్‌ని రెండూ తెమ్మన్నాను.