మూడు మగ్గాలున్న ఇంటికి సామాజిక మాధ్యమాల ప్రచారం ఎంతవరకు అవసరం?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మాది యాదాద్రి భువనగిరి జిల్లాలోని భూదాన్ పోచంపల్లి. ఇంట్లో మూడు మగ్గాలున్నాయి. నాన్న, అన్న, చిన్నాన్న నేస్తారు. ఆసు పోయడం (అడ్డంగా నేసే దారాన్ని మేకుల చుట్టూ తిప్పడం), చిటికి కట్టడం (రంగు అంటకూడని చోట దారాన్ని బిగించి కట్టడం), రంగులద్దడం, కండెలు (దారం చుట్టే చిన్న గొట్టాలు) చుట్టడం వంటి పనులు అమ్మా, వదినా, నేనూ చూసుకుంటాం. మూడు మగ్గాల మీద కలిపి నెలకు పది, పన్నెండు పట్టు చీరలు దిగుతాయి. ఇంతకాలం మాస్టర్ వీవర్ ఇచ్చిన పట్టుతో, ఆయన చెప్పిన డిజైన్లతో కూలికి నేస్తూ వచ్చాం. ఇకపై కొన్ని చీరలనైనా సొంత పెట్టుబడితో నేసి, కట్టుకునేవారికి నేరుగా అమ్మాలని ఇంట్లో అందరం అనుకున్నాం.

ఇన్‌స్టాగ్రామ్‌లో ఖాతా తెరిచి చీరల ఫొటోలు పెడుతున్నాను. చాలామంది చూస్తున్నారు, బాగుందని రాస్తున్నారు, ధర అడుగుతున్నారు, ఆ తర్వాత మాట్లాడటం లేదు. ఈలోగా నగరంలోని ఒక ఏజెన్సీ వారు ఫోన్ చేసి, నెలకు పదిహేను వేల రూపాయలిస్తే మూడు నెలల్లో యాభై వేల మంది ఫాలోవర్లను తెచ్చిపెడతామని చెప్పారు. మాకు అది చిన్న మొత్తం కాదు. ఆ డబ్బు అక్కడ పెట్టవచ్చా? లేక ప్రకటనలకు నేరుగా ఖర్చు చేయాలా? అసలు ఖర్చు లేకుండా చేయగలిగినవి ముందు ఏమున్నాయి? అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

సమాధానం 1: హైదరాబాద్ నుంచి, చిన్న వ్యాపారాలకు డిజిటల్ ప్రచారం చేసే వ్యక్తి

ఆ ఏజెన్సీ ప్రతిపాదనకు ఒప్పుకోవద్దు. నెలకు పన్నెండు చీరలు దిగే ఇంట్లో ఏడాదికి తయారయ్యేవి నూట నలభై నాలుగు చీరలు. వాటిలో మీరు సొంతంగా అమ్మదలచినవి ఇంకా తక్కువ. అంటే మీకు కావలసింది ఒక చీర కొని, నచ్చి, మళ్ళీ పెళ్ళికో పండుగకో మిమ్మల్నే అడిగే నూరు, నూట యాభై కుటుంబాలు. మీ ఖాతాను ఎంతమంది అనుసరిస్తున్నారన్న సంఖ్యకూ, ఆ కుటుంబాలు దొరకడానికీ సంబంధం చాలా తక్కువ.

డబ్బిచ్చి తెచ్చుకున్న ఫాలోవర్ల వల్ల నష్టం కూడా ఉంది. ఇన్‌స్టాగ్రామ్ ఒక రీల్‌ను ముందు కొంతమందికి చూపించి, వారు ఎంతసేపు చూశారు, లైక్ చేశారా, ఇంకెవరికైనా పంపారా అన్నవాటిని బట్టి మరికొందరికి చూపించాలా వద్దా అని నిర్ణయిస్తుంది. మనల్ని ఇంకా అనుసరించని కొత్తవారికి రీల్ చేరాలంటే, చూసినవారు దాన్ని మరొకరికి పంపుకోవడం ముఖ్యమని ఇన్‌స్టాగ్రామ్ అధిపతి ఆడమ్ మొస్సేరి బహిరంగంగానే చెప్పారు. చీరలతో ఏ సంబంధమూ లేని యాభై వేల ఖాతాలు మీ వెనుక చేరితే, మీ రీల్ చూపించేవారిలో వారూ ఉంటారు. వారు చూడరు, ఎవరికీ పంపరు. దాంతో నిజంగా కొనగలిగిన వారి దాకా అది వెళ్ళకుండానే ఆగిపోవచ్చు.

ప్రకటనల విషయానికి వస్తే, అవి రెండో మెట్టు. వాట్సాప్ బిజినెస్‌లో కేటలాగ్ సిద్ధమయ్యాక, అడిగినవారికి వెంటనే జవాబు చెప్పే ఏర్పాటు ఇంట్లో కుదిరాక మాత్రమే ప్రకటన ఇవ్వండి. అప్పుడు కూడా పోస్టు కింద కనిపించే బూస్ట్ మీట నొక్కేయడం కాకుండా, ప్రకటనలు నడిపే యాడ్స్ మేనేజర్‌లోకి వెళ్ళి, ప్రకటన నొక్కిన వ్యక్తి నేరుగా మీ వాట్సాప్‌కు వచ్చేలా ఎంచుకోండి. హైదరాబాద్, బెంగళూరు వంటి ఒకటి రెండు నగరాలకే పరిమితం చేసి, రోజుకు రెండు మూడు వందల రూపాయలతో కొద్ది రోజులు నడిపి, ఎంతమంది మాట్లాడారు, ఎంతమంది కొన్నారు అన్నది పుస్తకంలో రాసుకోండి. ఈ ఖర్చు మీద 18 శాతం జీఎస్టీ కూడా పడుతుందని లెక్కలో ఉంచుకోండి. ఒక్కో అమ్మకానికి ఎంత ప్రకటన ఖర్చు పడిందో తెలిస్తేనే, ఆ చీర మీద మీకు మిగిలేదానిలో అది ఇముడుతుందో లేదో తెలుస్తుంది.

ఖర్చు లేకుండా వెంటనే చేయవలసిన పని ఒకటుంది, దాన్ని చాలామంది పట్టించుకోరు. గూగుల్ మ్యాప్స్‌లో మీ ఇంటిని వ్యాపారంగా నమోదు చేయండి. మీ ఊరు హైదరాబాద్‌కు సుమారు యాభై కిలోమీటర్ల దూరంలోనే ఉంది. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల జాబితాలో చేర్చిన ఊరు అది. వారాంతంలో మగ్గం చూడాలని, చీర కొనాలని వచ్చేవారు ఫోన్‌లో వెతికినప్పుడు పెద్ద దుకాణాలతో పాటు మీ ఇల్లు కూడా కనిపించాలి. మగ్గం ఫొటోలు, మీరు ఇంట్లో ఉండే వేళలు, ఫోన్ నంబరు పెట్టి, వచ్చి కొన్నవారిని రెండు వాక్యాల అభిప్రాయం రాయమని అడగండి.

సమాధానం 2: మంగళగిరి నుంచి, నేత కుటుంబానికి చెందిన మహిళ

చెల్లెమ్మా, మాది గుంట మగ్గాల మీద నిజాం అంచు నూలు చీరలు నేసే ఇల్లు. చాలా ఏళ్ళుగా వాట్సాప్ ద్వారా అమ్ముతున్నాము కాబట్టి ఇంట్లో కూర్చుని చేసే పని గురించి నాలుగు మాటలు చెబుతాను.

మొదట మగ్గాల సంగతి తేల్చుకోండి. మూడు మగ్గాలనూ ఒకేసారి మాస్టర్ వీవర్ పని నుంచి తప్పించవద్దు. ఆయన పట్టు ఇస్తాడు, కూలి ఇస్తాడు, చీర అమ్ముడుపోయినా పోకపోయినా ఆ బరువు ఆయన మీదే ఉంటుంది. సొంతంగా అమ్మబోయే చీర మీద ఆ బరువంతా మీ మీదికి వస్తుంది. అందుకే ఒక్క మగ్గాన్ని మాత్రం మీ పెట్టుబడితో నడిపి, ఆ చీరలనే ఆన్‌లైన్‌లో పెట్టండి. ఆయన ఇచ్చిన డిజైన్లను మీ ఖాతాలో పెట్టకండి. ఊళ్ళో మాట పోతే ఏ ప్రచారమూ దాన్ని తిరిగి తేలేదు.

ధర అడిగి వెళ్ళిపోతున్నారన్నారు. చీర పక్కనే ధర రాయండి. సందేశం పెడితేనే ధర చెబుతామంటే, మనిషిని చూసి ధర చెబుతారేమోనని కొనేవారికి అనుమానం కలుగుతుంది. ధరతో పాటు పట్టు చీరా, సీకో (పట్టు, నూలు కలిపిన) చీరా, పొడవెంత, జాకెట్టు ముక్క ఉందా, నేయడానికి ఎంత కాలం పట్టింది అన్నవి కూడా రాస్తే, వచ్చే ప్రశ్నలు సగం తగ్గుతాయి, వచ్చేవారిలో కొనేవారు పెరుగుతారు.

రీల్స్‌లో ఏం చూపించాలా అని ఆలోచించవలసిన పనే మీకు లేదు. మీ ఊరి పని మొత్తం కళ్ళకు కట్టేలా ఉంటుంది. ఆసు మీద దారం పోయడం, లెక్క ప్రకారం రబ్బరుతో చిటికి కట్టడం, రంగులో ముంచి ఆరబెట్టి కట్లు విప్పడం, పేకలో (అడ్డ దారంలో) దాగిన బొమ్మ నేస్తుంటే అంగుళం అంగుళం బయటపడటం, ఇవన్నీ ఎడిటింగ్ లేకుండా తీసినా జనం చివరిదాకా చూస్తారు. లక్ష్మీ ఆసు యంత్రాన్ని తయారుచేసి 2017లో పద్మశ్రీ అందుకున్న చింతకింది మల్లేశం గారు, తల్లి చేతి నొప్పి చూడలేక ఆ పనికి పూనుకున్నారు. ఆసు వెనుక ఉన్న ఆ శ్రమ తెలిసిన కొనుగోలుదారు ధర తగ్గించమని అడగడానికి వెనుకాడతారు. అందుకే మీ అమ్మగారు ఆసు పోస్తుండగా, ఆమెకు ఇష్టమైతే, ఆమె మాటల్లోనే చెప్పించి తీయండి.

మరో ముఖ్యమైన వీడియో, చీరను తిరగేసి చూపించేది. మార్కెట్లో ఇక్కత్ బొమ్మను అచ్చు వేసిన చీరలు చాలా ఉన్నాయి. దారానికే రంగు వేసి నేసిన చీరలో బొమ్మ రెండు వైపులా దాదాపు ఒకేలా కనిపిస్తుంది, అంచులు కాస్త చెదిరినట్టు ఉంటాయి. అచ్చు చీరలో సాధారణంగా వెనుక వైపు రంగు వెలిసినట్టు ఉంటుంది. ప్రతి చీరకూ ఈ వీడియో పెట్టండి. దానితో పాటు చేతి మగ్గం మీద నేసిందని తెలిపే చేనేత గుర్తు, అసలైన పట్టని తెలిపే సిల్క్ మార్క్ లేబుళ్ళను దరఖాస్తు చేసి తెచ్చుకుని చీరకు వేయండి. పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు ఉంది గనుక, 1999 నాటి భౌగోళిక గుర్తింపుల చట్టం కింద అధీకృత వినియోగదారుగా (ఆ గుర్తింపును వాడుకునే హక్కున్నవారిగా) నమోదు కావడం గురించి మీ చేనేత సహకార సంఘంలో అడగండి.

ఒకసారి కొన్నవారి నంబర్లను వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ జాబితాలో (ఒకే సందేశాన్ని అందరికీ విడివిడిగా పంపే జాబితా) చేర్చుకోండి. ఒక్కో జాబితాలో 256 మంది దాకా పెట్టవచ్చు, మీ అవసరానికి అది చాలు. మీ నంబరును తమ ఫోన్‌లో దాచుకున్నవారికే ఆ సందేశం చేరుతుంది కాబట్టి, చీర పంపేటప్పుడు నంబరు సేవ్ చేసుకోమని చీటీ పెట్టండి. రోజూ శుభోదయాలు పంపితే విసుగుతో మిమ్మల్ని బ్లాక్ చేస్తారు. కొత్త చీర మగ్గం దిగినప్పుడు మాత్రమే పంపండి. శ్రావణ మాసానికీ, దసరాకూ, పెళ్ళిళ్ళకూ ఆర్డర్లు ఎప్పటిలోగా ఇవ్వాలో చాలా ముందుగానే చెప్పండి. ఆలస్యంగా అడిగినవారికి మొహమాటపడి ఒప్పుకుంటే, వ్రతం అయ్యాక చేరిన చీర గురించి వారు పదిమందికి చెబుతారు.

చెప్పి నేయించుకునే చీరకు సగం డబ్బు ముందే తీసుకోండి. చెల్లింపు స్క్రీన్‌షాట్‌ను నమ్మి పార్సిల్ పంపవద్దు, డబ్బు బ్యాంకు ఖాతాలో పడిందని చూసుకున్నాకే పంపండి. రాష్ట్రం దాటి అమ్మేటప్పుడు జీఎస్టీ నియమాలు వేరుగా ఉంటాయి, చేతివృత్తుల వస్తువులకు కొన్ని మినహాయింపులూ ఉన్నాయి. మొదటి బయటి ఆర్డరుకు ముందే అకౌంటెంటుతో మాట్లాడండి.

సమాధానం 3: డాలస్ నుంచి, ఒక కొనుగోలుదారు

బతుకమ్మకూ, పిల్లల ఓణీల వేడుకలకూ నేత కుటుంబాల దగ్గర నేరుగా చీరలు తెప్పించుకునేవారిలో నేనూ ఒకదాన్ని. కొనేవారి వైపు నుంచి రెండు విషయాలు చెప్పాలనుకుంటున్నాను.

మేము చీరను ముట్టుకుని చూడలేము కాబట్టి రంగు గురించే మా భయమంతా. ట్యూబ్‌లైటు కింద తీసిన ఫొటోలో మెంతి రంగు పసుపులా కనిపిస్తుంది, వంకాయ రంగు నీలంలా కనిపిస్తుంది. ఉదయం పూట నీడలో, ఫిల్టర్లు లేకుండా తీసిన ఫొటో ఒకటి, పైట విప్పి చూపిన చిన్న వీడియో ఒకటి ఉంటే చాలు. ఇక్కడ రాత్రి అయినప్పుడు మీకు పగలు అవుతుంది, కాబట్టి వీడియో కాల్‌కు వారంలో ఒక వేళ నిర్ణయించి ఖాతాలో రాసి ఉంచండి.

రెండోది సుంకం. అమెరికాకు వచ్చే 800 డాలర్ల లోపు పార్సిళ్ళకు ఉన్న మినహాయింపును 2025 ఆగస్టు 29 నుంచి ఎత్తివేశారు. ఒక్క చీర పంపినా సుంకం పడవచ్చు. అది ఎవరు కట్టాలో ముందే మాట్లాడుకోకపోతే పార్సిల్ వచ్చిన రోజు ఇద్దరికీ ఇబ్బంది. మాలో చాలామంది హైదరాబాద్‌లోని అమ్మగారింటికి పంపించుకుని, వచ్చేవారితో తెప్పించుకుంటాం. అటువంటి చిరునామాలకు పంపడానికి మీరు సిద్ధమని రాస్తే విదేశాల్లో ఉన్న తెలుగువారు ధైర్యంగా అడుగుతారు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. ఏజెన్సీకి వద్దని చెప్పేశాం. నాన్నతో మాట్లాడితే ఒక మగ్గాన్ని సొంత పనికి ఉంచడానికి ఒప్పుకున్నారు, కానీ ఆయనకు ఒక భయం ఉంది. కొత్త డిజైన్‌ను అందరికీ కనిపించేలా పెడితే, వారం తిరగకుండా ఎవరో దాన్ని అచ్చు వేసి పదో వంతు ధరకు అమ్ముతారని అంటున్నారు. అలాగని చూపించకపోతే కొనేవారు ఎలా వస్తారు?

సమాధానం 2 ఇచ్చినవారు

నాన్నగారి భయం సరైనదే. ఇన్‌స్టాగ్రామ్‌లో పని విధానాన్నీ, అమ్ముడైపోయిన చీరలనూ, ఊరందరూ నేసే సంప్రదాయ డిజైన్లనూ పెట్టండి. కొత్తగా గీసుకున్న డిజైన్‌ను మాత్రం ముందుగా మీ దగ్గర కొన్నవారి బ్రాడ్‌కాస్ట్ జాబితాకే పంపండి. ఆ పడుగు (మగ్గానికి ఒకసారి ఎక్కించిన నిలువు దారాలు) మీది చీరలన్నీ అమ్ముడయ్యాక బయట పెట్టినా మీకు నష్టం ఉండదు. ముందుగా చూసే అవకాశం తమకే దక్కుతోందని పాత కొనుగోలుదారులూ సంతోషిస్తారు. డిజైన్ గీసిన గ్రాఫ్ కాగితాన్ని మాత్రం ఏ ఫొటోలోనూ, ఏ వీడియోలోనూ కనిపించనివ్వకండి. రీల్ తీసేటప్పుడు గోడ మీద అంటించి ఉంటే ముందు దాన్ని తీసి లోపల పెట్టండి.