గాలిమర టవర్ పనులకు ఏఎల్ఎంఎం కాగితం చిన్న షాపుకీ కావాలా?

బాలానగర్ సభ్యుడు: అన్నలూ, మాది చిన్న మెషీన్ షాపు. గాలిమరల టవర్లకు ఫ్లాంజులు (టవర్ ముక్కలను కలిపే ఉక్కు రింగులు), స్టడ్లు మెషీనింగ్ చేస్తాం. టవర్ కంపెనీ పర్చేజ్ వాళ్ళు ఏఎల్ఎంఎం (ప్రభుత్వం ఆమోదించిన మోడళ్ళు, తయారీదారుల లిస్టు) సర్టిఫికెట్ పంపమంటున్నారు. అది ఎక్కడిస్తారు? ప్రభుత్వం స్వదేశీ తయారీకి ఊతమిస్తోందంటున్నారు కదా, లోను పెట్టి పెద్ద వీటీఎల్ (నిలువు లేత్ మెషీన్) కొనొచ్చా?

విండ్ సరఫరాలో ఉన్న సభ్యుడు: తమ్ముడూ, కంగారు పడకు. 2025 జులై 31న కేంద్ర నూతన, పునరుత్పాదక ఇంధన శాఖ ఇచ్చిన ఉత్తర్వులో లిస్టు పెట్టింది బ్లేడు, టవర్, గేర్‌బాక్సు, జనరేటర్, ప్రత్యేక బేరింగులకే. ఆ బేరింగులంటే మెయిన్ షాఫ్టువి, రెక్కల కోణం మార్చే పిచ్‌వి, టర్బైన్‌ను గాలి వైపు తిప్పే యావి. టర్బైన్ కంపెనీలు వీటిని ఆ లిస్టులో ఉన్నవాళ్ళ దగ్గరే కొనాలి. కాబట్టి లిస్టులో ఉండాల్సింది టవర్ కంపెనీ, నువ్వు కాదు. నీ దగ్గర వాళ్ళు అడగాల్సింది మిల్లు టెస్ట్ సర్టిఫికెట్ (ఉక్కు పరీక్ష పత్రం), హీట్ నంబరు (ఆ ఉక్కు ఏ కరిగింపులోదో చెప్పేది), కొలతల రిపోర్టు. అవి పంపు, ఏఎల్ఎంఎం ఏ క్లాజు కింద అడుగుతున్నారో మెయిల్లో రాసిమ్మను.

వీటీఎల్ సంగతి మాత్రం ఆగి ఆలోచించు. ఈ లిస్టు నిబంధన సబ్సిడీ కాదు. సోలార్ మాడ్యూళ్ళకున్నట్టు గాలిమరలకు పీఎల్ఐ (ఉత్పత్తిని బట్టి ఇచ్చే ప్రోత్సాహకం) లేదు. టర్బైన్ల తయారీలో స్వదేశీ వాటా 70–80 శాతమని మంత్రిత్వ శాఖే చెబుతోంది. టవర్లు భారీవి, దూరం నుంచి తేవడం ఖరీదు, అందుకే ముందునుంచీ ఇక్కడే ఎక్కువ తయారవుతున్నాయి. కొత్త పని గేర్‌బాక్సులు, బేరింగుల వైపే ఎక్కువ వస్తుందని నా నమ్మకం. పైగా అప్పటికే బిడ్లు ముగిసిన ప్రాజెక్టులు 18 నెలల్లో, అంటే 2027 జనవరి చివరికి పూర్తయితే వాటికి మినహాయింపు ఉంది. గిరాకీ ఒక్కసారిగా రాదు. చేతిలో రాతపూర్వక ఆర్డర్ లేకుండా కిస్తీ నెత్తికెత్తుకోవద్దు.

బాలానగర్ సభ్యుడు: చాలా థాంక్స్ అన్నా. జీఎస్టీ 5 శాతం అయిందట, బిల్లు అలాగే వేయమంటున్నారు.

అకౌంట్స్ చూసే సభ్యురాలు: తొందరపడకండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి 12 శాతం 5 అయిన మాట నిజమే. కానీ ఆ ఎంట్రీ హెచ్ఎస్ఎన్ (జీఎస్టీ సరుకు కోడ్ల పట్టిక) 84, 85, 94 చాప్టర్ల కింద వచ్చే గాలిమర పరికరాలకు, వాటి విడిభాగాలకు. స్టడ్లు, బోల్టులు 7318, ఫ్లాంజులు మామూలుగా 7307, రెండూ 73వ చాప్టరే. కొనేవాళ్ళ మాట మీద 5 శాతం వేస్తే రేపు తేడా పన్ను, వడ్డీ కట్టేది మీరే. మీ కన్సల్టెంట్ చేత హెచ్ఎస్ఎన్ రాయించుకున్నాకే బిల్లు కొట్టండి.

ఇంకొకటి. ఇన్వాయిస్ మీద ఉద్యం నంబరు (చిన్న పరిశ్రమల రిజిస్ట్రేషన్) తప్పకుండా వేయండి. రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజుల్లోపు డబ్బు ఇవ్వాలి, ఒప్పందం లేకపోతే 15 రోజులే. అంతకు మించి ఆపితే ఆదాయపు పన్ను చట్టం కింద చెల్లించేదాకా ఆ ఖర్చు వాళ్ళకు మినహాయింపు కాదు. ఆ మాట గుర్తుచేస్తే ఆగిన బిల్లులు కదులుతాయి.