ఆల్విన్ ఫ్రిజ్ డోర్ రబ్బరు ఎక్కడ దొరుకుతుంది? మీ ఇళ్లలో ఇంకా ఏ పాత కంపెనీల సామాను ఉంది?

సనత్‌నగర్_శ్రీను: అమ్మ 1986లో కొన్న 165 లీటర్ల ఆల్విన్ ఇంకా నడుస్తోంది. డోర్ రబ్బరు పగిలింది. కంపెనీయే లేదు, రబ్బరు ఎక్కడ వెతకాలి? ఆల్విన్, డయనోరా, సాలిడేర్, ఇ.సి. టీవీ... ఇలా మూతపడ్డ కంపెనీల సామాను మీ దగ్గర ఏముంది?

గోదారిగట్టు: నా దగ్గర ఆల్విన్ ట్రెండీ వాచీ ఉంది. పదో తరగతి ఫస్ట్‌క్లాసులో పాసైతే నాన్న కొనిచ్చారు. క్లాసులో అందరివీ కీ ఇచ్చే వాచీలు, నాదొక్కటే సెల్ వాచీ. సీకో వాళ్ల సాంకేతికత మన హైదరాబాద్‌కి తెచ్చిన కంపెనీ అది. ఇప్పటికీ సెల్ వేస్తే తిరుగుతుంది.

ఈసీఐఎల్_క్వార్టర్స్: శ్రీను గారూ, ఇ.సి. టీవీని ఆ లిస్టులో ఎలా పెట్టారు? ఆ టీవీలు చేసిన కేంద్ర ప్రభుత్వ సంస్థ ఈసీఐఎల్ 1967లో మొదలైంది, నేటికీ ఉంది. మీరు ఓటేసే ఈవీఎంలు తయారుచేసే రెండు సంస్థల్లో అదొకటి. మా నాన్న 31 ఏళ్లు పనిచేశారు. కనుక్కుని రాయండి.

బెజవాడ_రావు: షాపుకెళ్లి ఇ.సి. టీవీ ఇమ్మంటే ఇస్తారా? ఇవ్వరు. మా వీధి వీధంతా ఆదివారం సినిమా చూసింది ఆ టీవీలోనే. కొనేవాడికి అది పోయినట్టే.

ఈసీఐఎల్_క్వార్టర్స్: టీవీలు ఆపేయడం వేరు, గేటుకు తాళం పడటం వేరు. తాళమంటే ఏంటో బాలానగర్‌లో మూతపడ్డ ప్రభుత్వ మందుల ఫ్యాక్టరీ ఐడీపీఎల్ దగ్గరికెళ్లి చూడండి. డాక్టర్ రెడ్డీస్ పెట్టిన అంజిరెడ్డి గారు సొంత కంపెనీ పెట్టకముందు పనిచేసింది అక్కడే. హైదరాబాద్ మందుల పరిశ్రమకు అదే బడి.

బెజవాడ_రావు: ఐడీపీఎల్ గురించి ఎవరడిగారండీ? అడిగింది టీవీ. మీ నాన్నగారి మీద గౌరవం ఉంది, కానీ ప్రతిదీ మీ ఇంటి మీదికి తీసుకోకండి.

ఈసీఐఎల్_క్వార్టర్స్: మా ఇంటి మీదికి రాసింది మీరే.

చెయ్యేరు_ఒడ్డు: మీరు టీవీల మీద కొట్టుకోండి. మాది కడప దగ్గర నందలూరు. ఆవిరి ఇంజన్లున్నప్పుడు ఊరంతా లోకో షెడ్ మీద బతికింది. అది పోయింది. ఆల్విన్ ఫ్రిజ్‌ల ఫ్యాక్టరీ వస్తే మళ్లీ జీతాలు చూశాం. పొద్దున షిఫ్టుకి సైకిళ్లు వరసకట్టేవి. ఆల్విన్ వోల్టాస్ చేతికెళ్లింది, కొన్నేళ్లకి మా ఫ్యాక్టరీ కూడా మూతపడింది. మా బాబాయి గల్ఫ్ పోయాడు. శ్రీనన్నా, ఫ్రిజ్ వెనకాల రేకు మీద ఏం రాసుందో ఫొటో పెట్టు.

పాతబస్సు: ఆల్విన్ అంటే ఫ్రిజ్జేనా? 1942లో నిజాం ప్రభుత్వం, అల్లావుద్దీన్ కంపెనీ కలిసి పెట్టింది. డబుల్ డెక్కర్ బస్సులకు బాడీలు కట్టింది వాళ్లే. జహీరాబాద్‌లో నిస్సాన్ వ్యాన్లు చేశారు, ఆ ప్లాంటు తర్వాత మహీంద్రాకి వెళ్లింది. అన్నిట్లో వేలు పెట్టడమే దాని కొంప ముంచింది.

గోదారిగట్టు: అది కాదండీ. సర్కారు కంపెనీ, 1991 ఆర్థిక సంస్కరణల తర్వాత పోటీకి తట్టుకోలేకపోయింది. వాచీలో ఏ లోపమూ లేదు.

రిపేర్_మాస్టర్: 32 ఏళ్లుగా ఫ్రిజ్‌లు విప్పుతున్నా, నా మాట వినండి. ఆ కాలం ఫ్రిజ్‌ల్లో చల్లబరచడానికి ఆర్-12 గ్యాస్ ఉండేది, ఇప్పుడు దొరకదు. గ్యాస్ లైను జోలికి ఎవర్నీ పోనివ్వద్దు. కంప్రెసర్ మార్చమని ఎవడైనా అంటే పంపించెయ్యండి. రబ్బరుకి కంపెనీతో పనిలేదు. డోర్ నాలుగు వైపులా కొలత, రబ్బరు కూర్చునే గాడి లోతు రాసుకుని పాత రబ్బరు ముక్క పట్టుకెళ్లండి. గ్యాస్కెట్ (అదే డోర్ రబ్బరు) కోసి మూలలు అతికించి ఇచ్చేవాళ్లు ఉంటారు.

బెజవాడ_రావు: మాస్టారూ, మా డయనోరా పిక్చర్ ట్యూబ్ సంగతి కూడా చెప్పండి. చెక్క షట్టర్ బాగానే ఉంది.

రిపేర్_మాస్టర్: టీవీలు నా పని కాదు.

సనత్‌నగర్_శ్రీను: మాస్టర్ గారూ, రాత్రే కొలిచాను. గాడి లోతు అంటే రబ్బరు తీసేసి కొలవాలా? అది స్క్రూల కింద ఉంది. చెయ్యేరు అన్నా, ఫ్రిజ్ జరిపి చూశా. రేకు తుప్పుపట్టింది, “హైదరాబాద్ ఆల్విన్” వరకే కనపడుతోంది. గుడ్డతో తుడిచి రేపు పగటి వెలుతురులో ఫొటో తీస్తా.