రిమోట్ డెస్క్‌టాప్ సెషన్లను కమాండ్ ప్రాంప్ట్ నుంచి ముగించడం ఎలా?

ప్రశ్న: కొత్త_సర్వర్_బాధ్యుడు

అందరికీ నమస్కారం. మా కార్యాలయంలో విండోస్ సర్వర్ 2019 మీద నడిచే యంత్రం ఒకటి ఉంది. రిమోట్ డెస్క్‌టాప్ సర్వీసుల లైసెన్సులు మేము విడిగా కొనలేదు కనుక, నిర్వహణ కోసం విండోస్ ఇచ్చే రెండు సెషన్లతోనే నేనూ, నా సహోద్యోగీ, బయటి నుంచి సాయం చేసే ఇంజనీరూ సర్దుకుంటున్నాం.

నిన్న రాత్రి బ్యాకప్ ఎందుకు ఆగిందో చూడాలని ఇంటి నుంచి ప్రవేశించబోతే, ఇప్పటికే ఎక్కువ మంది లోపల ఉన్నారనీ, ఒకరిని తొలగిస్తేనే నాకు చోటు దొరుకుతుందనీ తెర మీద కనిపించింది. ఆ ఇద్దరికీ ఫోన్ చేశాను. ఒకరు సాయంత్రమే ఇంటర్నెట్ తెగిపోయి పని ఆపేశామన్నారు, మరొకరు కిటికీ మూలన ఉన్న గుర్తు నొక్కి ఎప్పుడో మూసేశామన్నారు. ఎవరిని తొలగిస్తే ఎవరి పని పోతుందో తెలియక, ఎవరినీ తొలగించకుండా ఊరుకున్నాను.

డెస్క్‌టాప్‌లోకి ప్రవేశించకుండానే, నా ల్యాప్‌టాప్‌లోని కమాండ్ ప్రాంప్ట్ నుంచి ఆ సెషన్లను చూసి, అవసరమైనదాన్ని మాత్రం ముగించే పద్ధతి ఉంటే దయచేసి వివరంగా చెప్పండి.

సమాధానం: పాత_అడ్మిన్

మీరు ఆగడమే మంచిదైంది. ముందుగా ఒక తేడా గ్రహించాలి. కిటికీని మూసివేయడం వల్ల సెషన్ ముగియదు, తెగుతుంది అంతే. అలా మూసిన వ్యక్తి తెరిచిన ఫైళ్లూ ప్రోగ్రాములూ అన్నీ సర్వర్ మెమరీలో అలాగే నడుస్తూ ఉంటాయి, ఆయన మళ్లీ వస్తే వదిలిన చోటి నుంచే పని కొనసాగుతుంది. లాగాఫ్ చేస్తే మాత్రం ఆ ప్రోగ్రాములన్నీ మూసుకుపోతాయి, దాచని పని తిరిగి రాదు. ఇక ఇంటర్నెట్ తెగిన వ్యక్తి సంగతి వేరు. అవతలి వైపు మనిషి లేడని సర్వర్‌కు ఎవరూ చెప్పలేదు కనుక, అది కొంతకాలం ఆ సెషన్‌ను చురుకుగా ఉన్నట్టే లెక్కిస్తుంది. మీకు అడ్డుపడినది బహుశా అదే.

సెషన్ల జాబితా కోసం మీ ల్యాప్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి "క్యూవిన్‌స్టా /సర్వర్:మీసర్వర్‌పేరు" అని ఇవ్వండి. "క్వెరీ సెషన్" అన్నా అదే పని జరుగుతుంది. సెషన్ పేరు, వాడుకరి పేరు, ఐడీ సంఖ్య, స్థితి అనే నిలువు వరుసలు వస్తాయి. స్థితి కింద "యాక్టివ్" అని ఉంటే చురుకైనది, "డిస్క్" (డిస్‌కనెక్టెడ్‌కు పొట్టి రూపం) అని ఉంటే తెగినది. ఐడీ 0 దగ్గర కనిపించేది సర్వీసులది, దాని జోలికి వెళ్లకూడదు. 65536, ఆ దరిదాపుల్లోని పెద్ద సంఖ్యలు కొత్త కనెక్షన్ల కోసం కాచుకుని ఉండే లిజనర్‌వి. వాటిని రీసెట్ చేస్తే ఆ మార్గంలో వచ్చిన వాళ్లందరి సెషన్లూ ఒక్కసారే పోతాయి.

ముగించాల్సిన సెషన్ ఐడీ 3 అనుకుందాం. "క్వెరీ ప్రాసెస్ /ఐడీ:3 /సర్వర్:మీసర్వర్‌పేరు" అంటే ఆ సెషన్‌లో నడుస్తున్న ప్రోగ్రాములన్నీ కనిపిస్తాయి. అక్కడ ఎక్సెల్ కానీ, పద్దుల సాఫ్ట్‌వేర్ కానీ ఉంటే ఆ మనిషిని అడగకుండా ముందుకు వెళ్లకండి. చురుకైన సెషన్‌కు "ఎంఎస్‌జీ" కమాండ్‌తో తెర మీద సందేశం పంపవచ్చు గానీ, తెగిన సెషన్ తెర ముందు ఎవరూ ఉండరు కనుక అక్కడ ఫోనే శరణ్యం. అన్నీ సరిచూసుకున్నాక "లాగాఫ్ 3 /సర్వర్:మీసర్వర్‌పేరు" అనండి.

ఇక్కడ ఒక జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్పాలి. ఆ వాక్యం చివర సర్వర్ పేరు ఇవ్వడం మరిచిపోతే, కమాండ్ మీ ల్యాప్‌టాప్‌లోనే ఆ సంఖ్య గల సెషన్‌ను వెతుకుతుంది. సంఖ్య కూడా ఇవ్వకపోతే మిమ్మల్నే లాగాఫ్ చేస్తుంది. నేను ఒకసారి సగం రాసిన నివేదికను ఇలాగే పోగొట్టుకున్నాను. అప్పటి నుంచి పూర్తి వాక్యాన్ని నోట్‌ప్యాడ్‌లో రాసి, ఒకసారి చదివి, ఆ తర్వాతే అతికించి ఎంటర్ నొక్కుతున్నాను. ఐడీ సంఖ్యలు శాశ్వతం కావు, ఇవాళ 3గా ఉన్నది రేపు మరొకరిది కావచ్చు, అందుకే పని చేయబోయే ముందు జాబితాను మళ్లీ చూడండి.

లాగాఫ్‌కు లొంగకుండా సెషన్ బిగుసుకుపోయినప్పుడు మాత్రమే "రీసెట్ సెషన్ 3 /సర్వర్:మీసర్వర్‌పేరు" వాడండి. దీన్నే "ఆర్‌విన్‌స్టా" అనీ పిలుస్తారు.

స్పందన: కొత్త_సర్వర్_బాధ్యుడు

చాలా కృతజ్ఞతలండీ. మీరు చెప్పినట్టే మొదటి కమాండ్ ఇస్తే "ఎర్రర్ 5, యాక్సెస్ డినైడ్" అని వచ్చింది. ల్యాప్‌టాప్ డొమైన్‌లో (ఖాతాలన్నీ ఒకే చోట ఉండే నెట్‌వర్క్‌లో) లేదు, సర్వర్ కూడా వర్క్‌గ్రూప్‌లోనే, అంటే ఏ యంత్రం ఖాతాలు దానికే ఉండే పద్ధతిలోనే ఉంది. ఆ కమాండ్‌లో పేరు, పాస్‌వర్డ్ ఇచ్చే చోటే నాకు కనిపించలేదు.

సమాధానం: నెట్‌వర్క్_నేస్తం

ఆ కమాండ్లకు వాడుకరి పేరు అడిగే ఏర్పాటు లేదండీ, అవి మీరు ల్యాప్‌టాప్‌లో ఉన్న ఖాతాతోనే సర్వర్ తలుపు తడతాయి. అందుకని ముందు "నెట్ యూజ్" కమాండ్‌తో సర్వర్‌లోని "ఐపీసీ$" అనే వాటాకు (దూరం నుంచి వచ్చే కమాండ్ల కోసం విండోస్ ఉంచే దాపు షేర్‌కు), "/యూజర్:" తర్వాత సర్వర్ అడ్మినిస్ట్రేటర్ ఖాతా ఇచ్చి కనెక్ట్ కావాలి. పాస్‌వర్డ్‌ను వాక్యంలో రాయకండి, ఆ స్థానంలో నక్షత్రపు గుర్తు పెడితే అదే అడుగుతుంది. ఆ తర్వాత "క్యూవిన్‌స్టా" అదే గుర్తింపుతో పనిచేస్తుంది.

పని అయ్యాక ఈ కనెక్షన్‌ను కూడా మూయాలి, చాలామంది మరిచిపోయేది దీన్నే. "నెట్ యూజ్" అని ఒంటరిగా ఇస్తే తెరిచి ఉన్నవన్నీ కనిపిస్తాయి, ఆ సర్వర్ పేరుతో ఉన్నదానికి "/డిలీట్" జోడిస్తే పోతుంది. దాన్ని వదిలేసి అదే సర్వర్‌కు మరో ఖాతాతో వెళ్లబోతే ఎర్రర్ 1219 వస్తుంది, ఎందుకంటే ఒకే సర్వర్‌కు ఒకేసారి రెండు వేర్వేరు ఖాతాలతో కనెక్ట్ కావడాన్ని విండోస్ ఒప్పుకోదు. పేరుకు బదులు నక్షత్రపు గుర్తు పెట్టి డిలీట్ చేస్తే మ్యాప్ చేసుకున్న డ్రైవులన్నీ తెగిపోతాయి కనుక ఆ దారి పట్టకండి.

ఒకవేళ ఎర్రర్ 1722 వస్తే అది అనుమతుల సమస్య కాదు, ఆర్‌పీసీ సర్వర్, అంటే దూరం నుంచి వచ్చే కమాండ్లను అందుకునే సర్వీసు, అందలేదని అర్థం. మధ్యలో ఉన్న ఫైర్‌వాల్‌లో 445 పోర్టు మూసి ఉందేమో చూడండి. ఇంటి నుంచి అయితే వీపీఎన్ ద్వారానే వెళ్లండి, ఆ పోర్టును ఇంటర్నెట్‌కు తెరవడం ఎంతమాత్రం తగదు.

సమాధానం: పవర్‌షెల్_అభ్యాసి

445 తెరవడం కుదరని చోట నేను పవర్‌షెల్ రిమోటింగ్ (దూరం నుంచి సర్వర్‌లో కమాండ్లు నడిపే పద్ధతి) వాడతాను. అది 5985 పోర్టు మీద, హెచ్‌టీటీపీఎస్ పెట్టుకుంటే 5986 మీద నడుస్తుంది. "ఎంటర్-పీఎస్‌సెషన్"తో సర్వర్‌లోకి వెళ్లాక వాడుకరుల జాబితా చూపే "క్యూయూజర్", ఆపై "లాగాఫ్ 3" అని అక్కడే ఇవ్వవచ్చు, సర్వర్ పేరు చేర్చనక్కర్లేదు. వర్క్‌గ్రూప్ యంత్రం కనుక మీ ల్యాప్‌టాప్‌లో ట్రస్టెడ్‌హోస్ట్స్ (నమ్మదగిన యంత్రాల) జాబితాలో సర్వర్‌ను ముందుగా చేర్చాలి.

ఇక్కడా మూసివేత ముఖ్యమే. "ఎంటర్"తో వెళ్లిన వాళ్లు "ఎగ్జిట్-పీఎస్‌సెషన్"తో బయటికి వస్తే చాలు, కానీ "న్యూ-పీఎస్‌సెషన్"తో సృష్టించినది "రిమూవ్-పీఎస్‌సెషన్" ఇచ్చేదాకా అలాగే ఉంటుంది. "గెట్-పీఎస్‌సెషన్"తో చూసుకుని తీసేయండి. నెట్ మధ్యలో తెగితే అలాంటి సెషన్ సర్వర్‌లో మామూలుగా 2 గంటల దాకా కాచుకుని ఉండి, ఆ తర్వాత దానంతటదే పోతుంది.

స్పందన: కొత్త_సర్వర్_బాధ్యుడు

పని జరిగిందండీ. "నెట్ యూజ్" తర్వాత జాబితా వచ్చింది. ఇంటర్నెట్ తెగిన సహోద్యోగి పేరు పక్కన పాత_అడ్మిన్ గారు ఊహించినట్టే "యాక్టివ్" అనే ఉంది. లోపలి ప్రోగ్రాములు చూస్తే ఒక ఎక్సెల్ కనిపించింది, ఆయనకు ఫోన్ చేస్తే జీతాల పట్టిక దాచలేదన్నారు. ఆయనే మళ్లీ కనెక్ట్ అయి, దాచి, స్టార్ట్ మెనూ నుంచి సైన్ ఔట్ చేశారు. రెండోది ఇంజనీరుది, అందులో ఏమీ లేదని ఆయనే చెప్పాక లాగాఫ్ చేశాను. ఐపీసీ కనెక్షన్‌నూ తొలగించాను. ఇలా తెగినవి వాటంతట అవే ముగిసే ఏర్పాటు పెట్టవచ్చా?

సమాధానం: పాత_అడ్మిన్

పెట్టవచ్చు. గ్రూప్ పాలసీలో (విండోస్ నియమాలు పెట్టే చోట) రిమోట్ డెస్క్‌టాప్ సెషన్ హోస్ట్ కింద సెషన్ టైమ్ లిమిట్స్ అనే భాగంలో, తెగిన సెషన్‌ను ఎంతసేపటికి ముగించాలో చెప్పే అమరిక ఉంది. దానితో పాటు కనెక్షన్స్ భాగంలోని కీప్-అలైవ్ అమరికను (అవతలి వైపు కనెక్షన్ ఉందో లేదో సర్వర్ అప్పుడప్పుడు సరిచూసే ఏర్పాటును) కూడా ఆన్ చేయండి, నెట్ పోయిన వ్యక్తి లోపల ఉన్నట్టు కనిపించే సమస్య దానితో తగ్గుతుంది. గడువు తీరితే దాచని పని పోతుంది కనుక, నేనైతే గంట, రెండు గంటలు కాకుండా 1 రోజు పెడతాను. ఆ సంగతి ముందే మీ సహోద్యోగికీ, ఇంజనీరుకూ చెప్పి, రాత్రంతా నడిచే పనులు ఎవరైనా సెషన్‌లో వదిలి వెళుతుంటే వాటిని టాస్క్ షెడ్యూలర్‌కు (పనులను నిర్ణీత సమయానికి నడిపే విండోస్ సాధనానికి) మార్చిన తర్వాతే ఆ అమరిక పెట్టండి.