కర్ణాటక సంగీతంలో ఏ కాలంతో మొదలుపెట్టాలి? ఏ రచనలు, ఏ వరసలో?

బ్రాడీపేట శ్రోత:
అందరికీ నమస్కారం. ఉండేది గుంటూరులో. సంగీతం నేర్చుకోలేదు, వినడం ఒక్కటే. చేత్తో ఆది తాళం తప్పకుండా వేయగలను. మోహన, కల్యాణి, హిందోళం లాంటివి వినగానే పోల్చుకోగలను, అంతవరకే. దొరికిందల్లా వింటూ పోతే ఏదీ మనసులో నిలవడం లేదు. అందుకని ఒక కాలాన్ని తీసుకుని శ్రద్ధగా విందామనుకుంటున్నాను. అన్నమయ్య, క్షేత్రయ్యల దగ్గర మొదలుపెట్టాలా, సంగీత త్రిమూర్తుల దగ్గరా, ఆ తర్వాతి వాళ్ళ దగ్గరా? మీకు బాగా ఇష్టమైన కాలం ఏది? అందులో ఏ రచన ముందు, ఏది తర్వాత, వినేటప్పుడు ఏం పట్టుకోవాలి? కాస్త వివరంగా చెప్పండి.

వైణికుడు, సత్యనారాయణపురం:
నా ఓటు త్రిమూర్తులకేనండి. ముగ్గురూ తిరువారూరులోనే పుట్టారు, పదిహేనేళ్ళ లోపు తేడాతో. 1762లో శ్యామశాస్త్రి, 1767లో త్యాగరాజు, ఆ తర్వాత ముత్తుస్వామి దీక్షితర్. ఊరొకటే, కాలమొకటే, మార్గాలు మాత్రం మూడు. ఆ తేడా చెవికి తెలియాలంటే వాగ్గేయకారుల వరసలో కాకుండా ఒకే రాగం పట్టుకుని వినండి. నేనైతే భైరవి పట్టుకోమంటాను.

ముందు విరిబోణి వర్ణం. ఇది పచ్చిమిరియం ఆదియప్పయ్య గారిది. ఆయన శ్యామశాస్త్రికి గురువు, కాబట్టి త్రిమూర్తులకు ముందు తరం భైరవి ఎలా ఉండేదో ఇందులో దొరుకుతుంది. దీని తాళం పేరు అట తాళం, ఒక చుట్టుకు (ఆవర్తానికి) 14 అక్షరాలు, అంటే 14 లెక్కలు. ఒక దెబ్బ, నాలుగు వేళ్ళు, మళ్ళీ ఒక దెబ్బ, నాలుగు వేళ్ళు, ఆ తర్వాత దెబ్బ, విసురు, దెబ్బ, విసురు. చేతికి ఆది తాళం అలవాటైనవాళ్ళు మొదటి దెబ్బ తర్వాత మూడు వేళ్ళకే ఆగిపోతారు, తాళం జారేది అక్కడే. పాట పెట్టకముందు ఉత్త చేత్తో పది ఆవర్తాలు వేసుకోండి.

తాళం కుదిరాక ధైవతం (ద) మీద చెవి పెట్టండి. భైరవిలో రెండు ధైవతాలు ఉంటాయి. పదనిస అని ఎక్కేటప్పుడు చతుశ్రుతి (పై ద), సనిదప అని దిగేటప్పుడు శుద్ధం (కింది ద). ఈ ఒక్కటి చెవికెక్కితే రాగం సగం వచ్చినట్టే. అయితే ముఖారి అవరోహణ కూడా అచ్చం ఇలాగే ఉంటుంది. దిగే సంచారం మాత్రమే విని పేరు పెడితే పొరపాటు ఖాయం. ఎక్కేటప్పుడు చూడండి: భైరవి సరిగమ అంటుంది, ముఖారి గాంధారం వదిలేసి సరిమప అంటుంది. త్యాగరాజు ముఖారి కృతి ‘ఎంతని నే వర్ణింతును’ పక్కన పెట్టుకుని వింటే సందేహం ఉండదు.

రెండోది శ్యామశాస్త్రి స్వరజతి, ‘కామాక్షి అనుదినము’. మిశ్రచాపు, తకిట తకధిమి, ఏడు అక్షరాలు. మొత్తం ఎనిమిది చరణాలు. మొదటి చరణం షడ్జంతో ఎత్తుకుంటుంది, రెండోది రిషభంతో, మూడోది గాంధారంతో, అలా ఒక్కో మెట్టూ ఎక్కుతూ ‘శ్యామకృష్ణ పరిపాలిని’ దగ్గరికి వచ్చేసరికి తారషడ్జం, అంటే పై స. ప్రతి చరణం మొదటి స్వరం దగ్గర పాట ఆపి, ఆ స్వరం మీరే పలికి, మళ్ళీ వదలండి. కర్ణాటక సంగీతం మొత్తంలో నాకు ఒక్క రచనే మిగల్చమంటే ఇదే మిగుల్చుకుంటాను.

మూడోది త్యాగరాజు ‘కొలువైయున్నాడే’. ఇక్కడ చూడాల్సినవి సంగతులు. ఒకే పాదం మళ్ళీ మళ్ళీ వస్తుంది, వచ్చిన ప్రతిసారీ కొంచెం పెరుగుతుంది. ఏ మాట దగ్గర పెరిగిందో కాగితం మీద గీత పెట్టుకోండి.

నాలుగోది దీక్షితర్ ‘బాలగోపాల’. నడక నిదానం. తొందరపడి వింటే బరువుగా తోస్తుంది. చరణం చివర మధ్యమకాల సాహిత్యం వచ్చేసరికి అదే తాళంలో మాటలు రెట్టింపు వేగంతో పరుగెడతాయి. ‘వైణిక గాయక గురుగుహ నుత’ అన్నది అక్కడే. గురుగుహ ఆయన ముద్ర, అంటే పాటలో పెట్టుకునే సంతకం. ఆయన స్వయంగా వైణికుడు కదా, ఆ గమకాలు (స్వరాల ఊపులు) వీణ మెట్ల మీద ఎంత సహజంగా పడతాయో వాయించేవాళ్ళకు బాగా తెలుస్తుంది. వీలైతే గాత్రంతో పాటు వీణ మీద కూడా వినండి.

ఒక్కో రచనకు వారం చాలు. ఒకే రచనను ఇద్దరు ముగ్గురు విద్వాంసుల పాటలో వినండి. రోజుకో కొత్త కృతి పెట్టుకుంటే మళ్ళీ కలగాపులగమే.

మువ్వగోపాల:
వీణ గారు చెప్పిన వరస బాగుంది కానీ, తెలుగు మాతృభాష అయినవాళ్ళకు క్షేత్రయ్యను పక్కన పెట్టి త్రిమూర్తులతో మొదలుపెట్టమనడం నాకు ఒప్పుదల కాదండి. 17వ శతాబ్దపు తెలుగు అది. ఆయన ఊరు మొవ్వ మన కృష్ణా జిల్లాలోనే ఉంది. ఆయన పాటలను పదాలంటారు, ‘మువ్వగోపాల’ ముద్ర వాటిలో చాలావాటిలో తగులుతుంది. భైరవే కావాలంటే ‘రామ రామ ప్రాణసఖి’ వినండి. ఆనందభైరవిలో ‘మంచి దినము నేడే’ ఉంది.

పదం వినేవాళ్ళు తికమక పడే చోటు ఒకటి చెప్తాను. చాలామంది గాయకులు పదాన్ని అనుపల్లవితో ఎత్తుకుంటారు. పుస్తకంలో పల్లవి చూసుకుంటూ కూర్చుంటే పాట వేరే ఏదో అనిపిస్తుంది, కంగారు పడొద్దు. నడక చాలా విలంబం, అంటే బాగా నిదానం. ఒక్క అక్షరం మీద గమకం మొత్తం నడుస్తుంది, తాళం లెక్క మీద మనసు పెడితే ఆ అందం చేజారిపోతుంది. మొదటిసారి తాళం వేయకండి, సాహిత్యం మాత్రం ముందే రెండుసార్లు చదువుకోండి. మాట్లాడుతున్నది నాయికా, ఆమె సఖియా, ఎవరితో మాట్లాడుతోంది అన్నది తెలిస్తేనే ఆ గమకానికి అర్థం. వీణ ధనమ్మాళ్ ఇంటి బాణీలో బృంద, ముక్త పాడిన పదాలు దొరికితే ఇంకేమీ వెతకక్కర్లేదు.

అన్నమయ్య గురించి ఒక జాగ్రత్త. ఆయన కాలం 1408–1503. రాగిరేకుల మీద సాహిత్యం, రాగం పేరు ఉన్నాయి, స్వరం లేదు. ఇప్పుడు కచేరీల్లో మనం వినే వరసలు చాలావరకు 20వ శతాబ్దంలో కట్టినవి. ‘నానాటి బతుకు’ రేవతి రాగంలో కట్టింది నేదునూరి కృష్ణమూర్తి గారు. అద్భుతమైన పని అది, నాకు ప్రాణం. కానీ దాన్ని విని 15వ శతాబ్దపు సంగీతం ఇలా ఉండేదని అనుకోకూడదు. కాలాల ప్రకారం వినాలనుకునేవాళ్ళకు ఈ తేడా ముఖ్యం.

పాతపుస్తకం:
దీక్షితర్ దాకా వచ్చాక ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ దగ్గర పెట్టుకోండి. సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురంలో అచ్చువేయించారు, అదీ తెలుగు లిపిలో. తమిళులు, కన్నడిగులు లిప్యంతరం చేసుకుని చదవాల్సిన గ్రంథం మనం నేరుగా చదువుకోవచ్చు. స్వరాల మీద గమక చిహ్నాలు ఉంటాయి, వాటి వివరణ ముందు చదివాకే కృతుల్లోకి వెళ్ళండి. పుస్తకంలో ఉన్నదీ ఇప్పుడు పాడేదీ చాలాచోట్ల కలవవు. అది గాయకుడి తప్పు అనుకోవద్దు, పాఠాంతరాలు వేరు.

భైరవి అయిపోయాక దీక్షితర్ కమలాంబా నవావరణ కృతులకు వెళ్ళొచ్చు. ఆనందభైరవితో మొదలై ఆహిరితో ముగిసే తొమ్మిది కృతులు, వాటికి ముందు తోడిలో ధ్యానకృతి, చివర శ్రీరాగంలో మంగళం. మొదటి ఎనిమిదింటిలో ఒక్కోదానికి ఒక్కో విభక్తి, తొమ్మిదోదాంట్లో అన్నీ వస్తాయి. కాస్త సంస్కృతం వచ్చినవాళ్ళకు ఇది పండగే. అన్నీ ఒకే పూట వినకండి, రాగాలు ఒకదాని మీద ఒకటి పడి చెదిరిపోతాయి.

కృష్ణలంక గోష్ఠి:
బెజవాడ వాళ్ళం కాబట్టి ఒక మాట. త్యాగరాజు, ఆయన శిష్యుడు మానంబుచావడి వెంకటసుబ్బయ్య, ఆయన శిష్యుడు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి, ఆయన శిష్యుడు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు, ఆయన శిష్యుడు బాలమురళీకృష్ణ. ఈ పరంపర నేరుగా మన ఊళ్ళోకి దిగింది. 1948లో మొదలైన విజయవాడ రేడియో కేంద్రంలో బాలమురళి, వోలేటి వెంకటేశ్వర్లు, శ్రీరంగం గోపాలరత్నం పాడిన కాలమే నాకు అన్నిటికన్నా ఇష్టం. బాలమురళి 72 మేళకర్తల్లోనూ, అంటే మూల రాగాలన్నిటిలోనూ, కృతులు కట్టారు. నాలుగే స్వరాలతో చేసిన మహతి (స గ ప ని) విని చూడండి, త్రిమూర్తుల తర్వాత సంగీతం ఆగిపోలేదని అర్థమవుతుంది.

త్యాగరాజు పంచరత్న కృతులు ఆయన ఆరాధనలో గోష్ఠితో కలిసి పాడాలనుకుంటే ‘సాధించెనే’ దగ్గర జాగ్రత్త. ప్రతి చరణం తర్వాత రావాల్సింది ‘సమయానికి తగు మాటలాడెనే’, పల్లవి కాదు. కొత్తవాళ్ళు ‘సాధించెనే’ అని ఎత్తుకుంటారు, గోష్ఠి రెండుగా చీలిపోతుంది. ‘ఎందరో’ వచ్చేసరికి అందరికీ ఉత్సాహం పెరిగి వేగం కూడా పెరుగుతుంది. మృదంగం వైపు చూస్తూ పాడండి.

బ్రాడీపేట శ్రోత:
చాలా సంతోషమండి. విరిబోణితో మొదలుపెడతాను, సాయంత్రాలు క్షేత్రయ్య. ఒక్క సందేహం. స్వరం ఆపి పలకమన్నారు కదా, ఫోన్లో తంబుర యాప్ పెట్టుకుంటే పాత రికార్డులతో శ్రుతి కలవడం లేదు. ఒకటిన్నర పెడితే తక్కువ, రెండు పెడితే ఎక్కువ.

వైణికుడు, సత్యనారాయణపురం:
అది మీ చెవి లోపం కాదు. పాత గ్రామఫోను రికార్డులను మళ్ళీ ఎక్కించేటప్పుడు పళ్ళెం వేగం కొంచెం అటూ ఇటూ అయితే శ్రుతి రెండు మెట్ల మధ్యలో పడుతుంది. యాప్‌లో శ్రుతిని సన్నగా సరిచేసే మీట ఉంటుంది, సెంట్లలో (శ్రుతి తేడాకు చిన్న కొలత). ఒకటిన్నరకూ రెండుకూ మధ్య 100 సెంట్లు. ఒకటిన్నర దగ్గర పెట్టి అయిదేసి సెంట్లు పెంచుతూ పోండి. పాటలో షడ్జం నిలిపిన చోట రెండు నాదాల మధ్య అల లాంటి ఊపు వినిపిస్తుంది. శ్రుతి దగ్గరపడే కొద్దీ ఆ ఊపు నెమ్మదిస్తుంది. పూర్తిగా ఆగిన చోట వదిలేయండి. రికార్డు మారితే మళ్ళీ చూసుకోవాలి. ఆడవాళ్ళ గాత్రమైతే అయిదు, అయిదున్నర దగ్గర వెతకడం మొదలుపెట్టండి.