అటవీ శాఖల అధిపతుల అంతర్జాతీయ ఒప్పందం: మూలప్రతి ఎక్కడ దొరుకుతుంది?

వెన్నెలవాన:
పొద్దున్నుంచీ ఇదే పని మీద కూర్చున్నాను, విసుగొచ్చేసింది. వేర్వేరు దేశాల ప్రభుత్వ అటవీ శాఖల అధిపతులు కలుసుకుని అటవీ పాలన గురించి మాట్లాడుకుంటారు కదా, ఆ ఒప్పందం మూలప్రతి ఎవరి దగ్గరైనా ఉందా? ఏ సంవత్సరం సంతకాలయ్యాయి, ఎన్ని దేశాలు చేరాయి, మాట తప్పితే ఏం చేస్తారు, ఈ మూడూ నాకు కావాలి. ఎక్కడ వెతికినా సమావేశాల ఫొటోలు, "సహకారాన్ని బలోపేతం చేసుకుందాం" లాంటి వాక్యాలే. పట్టికలో మిగతావన్నీ నింపేశాను, ఈ ఒక్క వరుసే ఖాళీగా ఉంది. దయచేసి సూటిగా జవాబివ్వండి, ఏదో పుస్తకం చదువుకోమని పంపకండి.

మోదుగ:
ఏ వేదిక? పేరు చెప్పండి.

కొలతబద్ద:
ఒప్పందం సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ అధిపతులంతా దేన్ని అడవి అంటున్నారో మీ పట్టికలో రాశారా? ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ (ఎఫ్ఏఓ) లెక్కలో అర హెక్టారుకు మించిన నేల, 5 మీటర్లకు పైగా ఎదిగే చెట్లు, 10 శాతానికి మించి నేలను కప్పే కొమ్మల పందిరి ఉంటే అది అడవి. రబ్బరు తోట ఇందులోకి వస్తుంది, ఆయిల్ పామ్ తోట రాదు. చెట్లు నరికేసిన నేల కూడా మళ్లీ అడవిగా పెరుగుతుందనుకుంటే అడవే. ఆ నేలను వేరే పనికి మళ్లిస్తేనే అటవీ నిర్మూలన అంటారు. 2020 అంచనాలో ప్రపంచ అడవి 406 కోట్ల హెక్టార్లని, భూభాగంలో 31 శాతమని వచ్చింది. ఆ సంఖ్య వెనక ప్రతి దేశానికీ ఒక అధికారిక ప్రతినిధి ఉంటారు, సొంత చట్టంలోని నిర్వచనాన్ని ఈ కొలతలోకి మార్చి పంపుతారు. మార్చే పద్ధతి దేశానికో రకం. ఒక దేశంలో సహజారణ్యం తగ్గి యూకలిప్టస్ పెరిగితే మొత్తం సంఖ్య కదలకుండా అలాగే ఉండొచ్చు. కాబట్టి పాలన బాగుందా లేదా అని మాట్లాడేముందు ఈ కొలత తేలాలి. ఇది నేను ఎన్నోసార్లు ఇక్కడ రాశాను, మళ్లీ రాస్తున్నాను, ఎందుకంటే దీన్ని దాటేసి కట్టే వాదన ఏదీ నిలబడదు.

వెన్నెలవాన:
కొలతబద్ద గారూ, నిర్వచనం నా దగ్గర ఉంది. నేనడిగింది ఒప్పందం గురించి.

మోదుగ:
పేరు ఇంకా చెప్పలేదు.

వెన్నెలవాన:
మెగాఫ్లోరెస్టైస్. ఒక నివేదిక చివర్లో కనిపించింది. ఐక్యరాజ్యసమితి అటవీ వేదికకు అనుబంధంగా ఉంటుందనుకుని అక్కడి తీర్మానాలన్నీ తిరగేస్తున్నాను.

పాతఫైలు:
ఇప్పుడు సంగతి అర్థమైంది. వెన్నెలవాన గారూ, మీరు వెతుకుతున్న పత్రం లేదు. పోలేదు, దాచలేదు, అసలు రాయలేదు. మెగాఫ్లోరెస్టైస్ 2005 నుంచి నడుస్తున్న అనధికారిక బృందం. బ్రెజిల్, చైనా, ఇండోనేసియా, మెక్సికో, అమెరికా, కెనడా, కామెరూన్, స్వీడన్ వంటి దేశాల అటవీ సంస్థల అధిపతులు అందులో కూర్చుంటారు. ఐక్యరాజ్యసమితికీ దానికీ సంబంధం లేదు. ఏర్పాట్లు చూసేది రైట్స్ అండ్ రిసోర్సెస్ ఇనిషియేటివ్ అనే కూటమి. సంతకాల్లేవు, ఓటింగు లేదు, శిక్షల్లేవు. ఒక అధిపతి తన దేశం తరఫున రాసిచ్చిన ప్రసంగం చదవకుండా, "మా దగ్గర ఈ సంస్కరణ ఎదురుతన్నింది, మీరెలా నెట్టుకొచ్చారు" అని ఇంకో అధిపతిని అడగడానికే దాన్ని పెట్టుకున్నారు. అక్కడ సంతకం అనే మాట వస్తే ఆ సంభాషణ సాగదు. సంతకం పెట్టే అధికారం వాళ్లలో చాలామందికి ఉండదు, అది మంత్రివర్గాల చేతిలోనూ విదేశాంగ శాఖ చేతిలోనూ ఉంటుంది.

అడవులకు ప్రపంచ స్థాయి కట్టుబాటు ఒప్పందం ఎందుకు లేదో కూడా చెబుతాను, మీ పట్టికకు పనికొస్తుంది. 1992లో రియోలో వాతావరణానికీ జీవవైవిధ్యానికీ ఒడంబడికలు సంతకాలకు పెట్టారు, అడవులకు మాత్రం కుదరలేదు. ఒడంబడిక కావాలని సంపన్న దేశాలు పట్టుబట్టాయి. మలేసియా, భారత్ వంటి దేశాలు తమ అడవుల మీద సార్వభౌమాధికారం తమదేనని అడ్డుచెప్పాయి. చివరికి మిగిలింది చట్టపరంగా కట్టుబడాల్సిన అవసరం లేని అటవీ సూత్రాల ప్రకటన. 2000లో ఐరాస అటవీ వేదిక పుట్టింది. 2007లో వచ్చిన ఐరాస అటవీ పత్రం కూడా స్వచ్ఛందమే. 2017లో వచ్చిన వ్యూహ ప్రణాళికలో 6 లక్ష్యాలు, 26 ఉపలక్ష్యాలు ఉన్నాయి, 2030 నాటికి అడవి విస్తీర్ణం 3 శాతం పెరగాలన్నారు. పెరగకపోతే ఎవరి మీదా చర్య ఉండదు.

అధిపతులు అధికారికంగా కలిసే చోటు వేరే ఉంది. రోమ్‌లో రెండేళ్లకోసారి ఎఫ్ఏఓ అటవీ కమిటీ కూర్చుంటుంది, దాని కింద 6 ప్రాంతీయ అటవీ కమిషన్లున్నాయి. ఐరాస అటవీ వేదికలో మాట్లాడేవాళ్లలో దౌత్యవేత్తలు ఎక్కువ, రోమ్‌లో అడవి నడిపేవాళ్లు ఎక్కువ. చర్చ రంగు అక్కడే మారిపోతుంది.

ఊరడవి:
పాతఫైలు సార్ చెప్పింది నిజమే కానీ అసలు ప్రశ్న మరుగున పడుతోంది. ఆ అధిపతులు దేని మీద మాట్లాడుకుంటారు? నేల ఎవరిదన్న దాని మీద. ఎఫ్ఏఓ 2020 లెక్కలోనే ప్రపంచ అడవుల్లో 73 శాతం ప్రభుత్వానిదని ఉంది. ఆ 73 శాతంలో తరతరాలుగా మనుషులు బతుకుతున్న అడవి ఎంతో ఆ అంకె చెప్పదు. చాలా దేశాల్లో అటవీ శాఖను పెట్టింది కలప రాబడి కోసం, జనాన్ని బయట ఉంచడం కోసం. అలాంటి శాఖను నడిపే మనిషి మెక్సికో వెళ్లి ఎహీదోలూ (ఉమ్మడి భూమి ఉన్న గ్రామ సముదాయాలు) ఆదివాసీ సముదాయాలూ సొంత అడవిలో కలప కోసి, మిల్లు నడిపి, మళ్లీ అడవిని నిలబెట్టుకోవడం కళ్లారా చూడాలి. చైనా 2003లో ఫూజియన్ వంటి చోట్ల మొదలుపెట్టి 2008లో దేశమంతటికీ తెచ్చిన సామూహిక అటవీ హక్కుల సంస్కరణలో కుటుంబాల చేతికి పత్రాలిచ్చింది. ఈ రెండూ ఒకటి కావు. ఒకచోట సముదాయం కలిసి నడుపుతోంది, ఇంకోచోట కుటుంబాలకు పంచారు. అధిపతులు ఎదురెదురుగా కూర్చుని నేర్చుకోవాల్సింది ఈ తేడానే. పట్టికలో "దేశాల సంఖ్య" కన్నా ఇది ముఖ్యం.

నిప్పుగీత:
ప్రభుత్వ అటవీ సంస్థ అని అందరినీ ఒకే గాటన కట్టేస్తున్నారు. స్వీడన్‌లో స్కూగ్‌స్టీరెల్‌సెన్ అనే ప్రభుత్వ సంస్థ అటవీ చట్టం అమలు చూస్తుంది. ప్రభుత్వ నేలను నడిపేది స్వేయాస్కూగ్ అనే వేరే కంపెనీ. దేశంలో దాదాపు సగం అడవి మామూలు కుటుంబాలది. కెనడాలో అడవి చాలావరకు ప్రభుత్వానిదే, కానీ రాష్ట్ర ప్రభుత్వాలది. ఫెడరల్ అటవీ సేవ ప్రధానంగా పరిశోధన చేస్తుంది, కలప అనుమతులివ్వదు. అమెరికా అటవీ సేవ సుమారు 7.8 కోట్ల హెక్టార్లు స్వయంగా నడుపుతుంది, పైగా అది వ్యవసాయ శాఖ కింద ఉంది. ఈ ముగ్గురు అధిపతులూ ఒక బల్ల దగ్గర కూర్చుంటే ఒకరు నియంత్రకులు, ఒకరు పరిశోధకులు, ఒకరు భూయజమాని ప్రతినిధి. ఎవరి అనుభవం ఎవరికి పనికొస్తుంది?

ఊరడవి:
నియంత్రణా యాజమాన్యమూ ఒకే చేతిలో ఉండకూడదన్న పాఠమే పనికొస్తుంది. తన కోతలను తానే తనిఖీ చేసుకునే శాఖలు ఎన్ని లేవు? ప్రభుత్వ సంస్థ అంటే నా ఉద్దేశంలో జనానికి జవాబు చెప్పాల్సిన సంస్థ, అంతే.

నిప్పుగీత:
అది ఆదర్శం. సంస్థ అంటే చట్టం దానికిచ్చిన అధికారాలు. బ్రెజిల్ చూడండి. 2006 చట్టంతో బ్రెజిల్ అటవీ సేవ వచ్చింది, పని ప్రభుత్వ అడవుల్లో కోత హక్కుల వేలం. అక్రమ నరికివేతను పట్టుకునేది 1989లో పెట్టిన ఇబామా అనే పర్యావరణ సంస్థ. రక్షిత ప్రాంతాలు 2007 నుంచి మరో సంస్థవి. బ్రెజిల్ అటవీ అధిపతి అంటే వీళ్లలో ఎవరు?

కొలతబద్ద:
అందుకే చెప్పాను, నిర్వచనాలు ముందు.

మోదుగ:
అడిగినది ఒప్పందం.

నిప్పుగీత:
వస్తున్నాను, జవాబు ఉంది. సంతకం ఉన్న సహకారం కావాలంటే అటవీ మంటల వైపు చూడండి. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ మధ్య సిబ్బందిని పంపుకునే రాతపూర్వక ఏర్పాట్లున్నాయి. అమెరికా, కెనడాల మధ్యది 1982 నాటిది. జీతం ఎవరిస్తారు, గాయపడితే వైద్యం ఎవరిది, నష్టం జరిగితే బాధ్యత ఎవరిది, ఎవరి ఆజ్ఞ చెల్లుతుంది, ఇవన్నీ ముందే తేల్చుకోవాలి. 1970 కాలిఫోర్నియా మంటల తర్వాత తయారైన ఇన్సిడెంట్ కమాండ్ సిస్టమ్‌ను మిగతావాళ్లు తమ పద్ధతికి మలచుకోవడంతో, వేరే ఖండం నుంచి దిగిన బృందానికి కూడా ఎవరికి రిపోర్టు చేయాలో తెలుస్తుంది. 2019-20లో ఉత్తర అమెరికా బృందాలు ఆస్ట్రేలియా వెళ్లాయి. 2023లో కెనడాలో కోటిన్నర హెక్టార్లకు పైగా తగలబడినప్పుడు ఆస్ట్రేలియా, న్యూజీలాండ్, దక్షిణాఫ్రికా, చిలీ, మెక్సికో వాళ్లు కెనడాకు వచ్చారు. మనిషి ప్రాణమూ డబ్బూ పందెంలో ఉన్నచోట సంస్థలు సంతకం పెడతాయి. నేల హక్కుల మీద పెట్టవు, పెట్టలేవు కూడా.

పాతఫైలు:
నిప్పుగీత గారి చివరి మాట బావుంది. దానికి ఒకటి కలుపుతాను. సంతకం ఉన్న ఇంకో దారి వ్యాపారం. అక్రమ నరికివేత మీద 2001లో బాలీలో తూర్పు ఆసియా మంత్రులు ప్రకటన చేశారు, అది స్వచ్ఛందమే. 2003లో ఐరోపా సంఘం కార్యాచరణ ప్రణాళిక వచ్చాక ఎగుమతి దేశాలతో ద్వైపాక్షిక ఒప్పందాలు మొదలయ్యాయి. ఇవి కట్టుబడాల్సినవే. ఇండోనేసియా తన కలప చట్టబద్ధత తనిఖీ వ్యవస్థను నిలబెట్టి 2016 నవంబరులో ఐరోపాకు పంపే కలప చట్టబద్ధమని చెప్పే లైసెన్సులు ప్రపంచంలో మొదటిసారిగా ఇచ్చింది. అమెరికా 2008లో, అక్రమంగా పట్టిన వన్యప్రాణుల వ్యాపారాన్ని ఆపే లేసీ చట్టాన్ని కలపకూ వర్తింపజేసింది, ఆస్ట్రేలియా 2012లో చట్టం చేసింది, జపాన్‌లో 2016లో వచ్చింది. ఎగుమతి దేశపు అటవీ అధిపతికి ఇంట్లో సంస్కరణ నెట్టడానికి బయట మార్కెట్ ఇచ్చిన ఊతం ఇది. అనధికారిక గదిలో విన్న ఆలోచనకు ఇలాంటి ఊతం దొరికితే చట్టమవుతుంది, దొరక్కపోతే నోట్‌బుక్‌లో ఉండిపోతుంది.

వెన్నెలవాన:
ఇప్పుడు అసలు పని చెప్తాను. ఒక శిక్షణ తరగతికి నేపథ్య పత్రం రాస్తున్నాను, వినేది మధ్యస్థాయి అటవీ అధికారులు. విదేశీ సమావేశానికి వెళ్లొచ్చిన పెద్దలు ఏం తెచ్చారు, ఏం మారింది అని వాళ్లు అడుగుతారు. "ఒప్పందం లేదు" అని చెబితే "అయితే ఎందుకు వెళ్లారు" అంటారు. దానికేం చెప్పాలి?

ఊరడవి:
ముందే ఈ మాట చెప్పుంటే మెక్సికో గురించి ఇంకా వివరంగా రాసేవాడిని. వాళ్లకు దేశాల జాబితా వద్దు. మీ శాఖలో అనుమతి ఇచ్చేదెవరు, కోసేదెవరు, తనిఖీ చేసేదెవరు అని మూడు పేర్లు రాయమనండి. ఒకే పేరు రెండుసార్లు వచ్చినచోట చర్చ మొదలుపెట్టండి. తర్వాత వేరే దేశం ఆ ముడి ఎలా విప్పిందో చూపండి.

పాతఫైలు:
ఊరడవి గారి పద్ధతి మంచిది. అంచనా వేయడానికి ఎఫ్ఏఓ, ప్రపంచ బ్యాంకు అటవీ కార్యక్రమం ప్రోఫోర్ కలిసి 2011లో ఇచ్చిన చట్రం వాడండి. మూడు స్తంభాలు: విధానమూ చట్టమూ సంస్థలూ, ప్రణాళికా నిర్ణయమూ, అమలు. అడ్డంగా ఆరు గీటురాళ్లు: జవాబుదారీతనం, ఫలితం, పొదుపు, న్యాయం, భాగస్వామ్యం, పారదర్శకత. శాఖలు తమకు తామే మార్కులు వేసుకుంటే అన్నీ బాగానే వస్తాయి, కాబట్టి అడవిలో బతికేవాళ్లనూ కలప వ్యాపారులనూ అదే గదిలో కూర్చోబెట్టాలి. ఇది నేను గట్టిగా నమ్ముతాను.

కొలతబద్ద:
కొలవాలంటే మాంట్రియల్ ప్రక్రియ ఉంది, దేశాలు తమ అడవుల తీరును ఒకే కొలతలతో చూపించే ఏర్పాటు. 1994లో మొదలైంది, 12 దేశాలు, 7 ప్రమాణాలు, మొదట 67 సూచికలు, తర్వాత 54కి తగ్గించారు. అదీ స్వచ్ఛందమే, కానీ ఎప్పటికప్పుడు లెక్క చూపించాల్సి వస్తుందన్న భయం సంతకం కన్నా బాగా పనిచేస్తుంది. ఒక్క చిక్కు, ఉష్ణమండల అడవులు అందులో లేవు.

ఊరడవి:
లేవనకండి. మెక్సికోలో ఉన్నాయి, ఆస్ట్రేలియా ఉత్తరాన ఉన్నాయి.

కొలతబద్ద:
సమశీతోష్ణ, ఉత్తర ధ్రువ సమీప అడవుల కోసం పెట్టిన ప్రక్రియ అని నా భావం. దేశాల సరిహద్దు వేరు, ప్రక్రియ ఉద్దేశం వేరు.

ఊరడవి:
లెక్క ఇచ్చేది దేశం మొత్తానికి కదండీ.

వెన్నెలవాన:
సరే, "ఒప్పందం" అన్న నిలువు వరుస తీసేసి "సంతకం దేని మీద, ఎందుకు" అని మార్చాను. మంటలూ కలపా వేరు వేరుగా పెట్టాను. పాతఫైలు సార్‌కి, అందరికీ థ్యాంక్స్.

మోదుగ:
మధ్య ఆఫ్రికా వదిలేశారు. కోమిఫాక్, అంటే అక్కడి దేశాల ఉమ్మడి అటవీ కమిషన్. 1999 యావుందే ప్రకటన, 2005 ఒడంబడిక, 10 దేశాలు. సంతకం ఉంది.

నిప్పుగీత:
దాని సచివాలయానికి సభ్య దేశాల చందాలు సక్రమంగా అందుతున్నాయా? తెలిసినవాళ్లు రాయండి.